ఉపాధ్యాయుని యోగ్యత, వేతనము: పాలమూరు సీమలోను, పరదేశములలోను

ఏ వృత్తికైనను రెండు ప్రశ్నలు కలవు. ఈ పని చేయువానికి ఏమి తెలిసియుండవలెను? ఈ పని చేసినందుకు వాని కేమి ఈయవలెను? వడ్రంగి విషయమునను, కంసాలి విషయమునను మన గ్రామములు ఈ రెండింటికిని ఏనాడో జవాబు చెప్పుకొన్నవి. బడిపంతులు విషయమున మాత్రము ఒక ప్రశ్నకు జవాబు దొరకినప్పుడు రెండవది మరుగున పడుచు వచ్చినది. గురువును దైవముతో సమానముగ కీర్తించిన దేశమే ఆతని ఇంట గింజ లెన్ని యున్నవో విచారింప మరచినది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల చరిత్రను పరదేశముల చరిత్ర ప్రక్కన నుంచి చూచినచో ఈ సంగతి స్పష్టమగును.

పూర్వకాలమున వేతనమనగా భూమియే. నేటి కలబురగి జిల్లాలోని నాగావి గ్రామమున 1058వ సంవత్సరపు శాసన మొకటి కలదు. నాడు ఆలంపురము నేలిన కల్యాణ చాళుక్యులే ఆ సీమకును ప్రభువులు. అచ్చటి ఘటికాస్థానమున వేదము చదువు విద్యార్థులే రెండువందలమంది. వేదమునకు, శాస్త్రములకు వేర్వేరుగ ఉపాధ్యాయులు నియమింపబడిరి. వారితోపాటు ఆరుగురు సరస్వతీ భాండారికులు, అనగా గ్రంథములను కాపాడు వారు, ఆ శాసనమున కనబడుదురు. బోధించువారికిని, గ్రంథములు కాపాడువారికిని భూమియే జీవనాధారముగ నిర్ణయింపబడినది. కాకతి రుద్రమదేవి కాలమున, 1261లో వెలసిన మల్కాపుర శాసనము కూడ ఇట్టిదే. అందు వేదోపాధ్యాయులు, శాస్త్రోపాధ్యాయులు, వైద్యుడు, లెక్కలు వ్రాయు కాయస్థుడు ఒకే వరుసలో నిలిచిరి. ఏ విద్య చెప్పువానికి ఏమి ముట్టవలెనో రాతిమీద చెక్కబడుటచే ఆతడు నెలనెల ఎవరి ముఖమును చూడవలసిన పని లేకుండెను. అయితే ఈ ఏర్పాటు పైచదువులు చదువు కొద్దిమందికే గాని ఊరి పిల్లలందరికిని కాదు.

పిమ్మట సంస్థానముల కాలము వచ్చినది. కృష్ణా తుంగభద్రల నడుమనున్న గద్వాల 'విద్వద్గద్వాల' అని పేరు పొందినది. వనపర్తి, ఆత్మకూరు సంస్థానములును, కొల్లాపురము రాజధానిగ గల జటప్రోలు సంస్థానమును పండితపోషణలో పోటీపడినవి. తిరుపతి వేంకటకవులు గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానములను దర్శించి అవధానములు చేసి సన్మానము లందిరి. పండితుని యోగ్యతకు సభయే పరీక్ష. శాలువయు, వర్షాశనమును ఆ పరీక్షలో నెగ్గినదానికి ఫలము. ఆ జంటకవులలో నొకరైన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రిగారే బందరు హిందూ ఉన్నతపాఠశాలలో తెలుగు పండితులుగ నెలజీతమునకు పనిచేసిరి. రాజసభలలో గజారోహణములకు తగినవాడు బడిలో భాషాపండితుడైనపుడు, ఆంగ్లము చెప్పు ఉపాధ్యాయుని కంటె తక్కువ తరగతివాడుగ ఎంచబడుట ఆ కాలపు రివాజు. సభలో కొలచిన కొలమానము వేరు, బడిలో కొలచినది వేరు.

సభకెక్కని వీధిబడి పంతులు సంగతి ఇంకను భిన్నము. అరుగుమీదనో, గుడి మండపమునందో, చెట్టునీడనో ఆతని బడి. ఇసుకలో ఓనమాలు దిద్దించి, గుణింతము, ఎక్కములు, శతకములు, అమరము వల్లె వేయించుట ఆతని పని. యోగ్యతాపత్రము లేదు, ఊరివారు ఒప్పుకొనుటయే యోగ్యత. జీతమునకును లెక్క లేదు. కొన్ని ఇండ్లవారు గింజలు కొలుతురు, కొందరు అణాలిత్తురు, కొందరు పంటకాలమునకు వాయిదా వేయుదురు. దసరా పండుగనాడు పిల్లలు విల్లమ్ములు పట్టుకొని పంతులుతో ఇల్లిల్లు తిరుగగా ఆతనికి మామూలు, పిల్లలకు పప్పుబెల్లములు దొరకెడివి. ఆ వేడుకను నేటికిని వృద్ధులు మురిపెముగ చెప్పుకొందురు. కాని పిల్లలకు వేడుకయైనది పంతులుకు యాచనయే. సంవత్సరపు రాబడిలో ముఖ్యభాగము కొరకు శిష్యులను వెంటబెట్టుకొని గడపగడప ఎక్కవలసిన వృత్తిలోనికి సమర్థులెందరు వత్తురు?

ఈ ప్రశ్న వేసినవాడు సర్ థామస్ మన్రో. 1800 నుండి 1807 వరకు దత్తమండలములకు కలెక్టరుగ నుండి, 1820లో మద్రాసు గవర్నరైన ఈ స్కాట్లండు దేశీయుడు 1822లో రాజధానియందలి బడుల లెక్క తీయించెను. 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలిరి. తుంగభద్రకు ఆవల బళ్లారి జిల్లాలోనే 533 బడులు లెక్కకు వచ్చినవి. అందు తెలుగుబడులు అనేకము. 1826 మార్చి 10వ తేదీన మన్రో వ్రాసిన మినిట్ నేటికిని చదువదగినది. పంతులునకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, ఆ మాత్రపు రాబడికి తగిన చదువు గలవారు ఈ వృత్తికి రారనియు ఆతడు తేల్చెను. ఇరువది కలెక్టరేటులలో హిందువులకొకటి, మహమ్మదీయులకొకటి చొప్పున నలువది పెద్దబడులు, వాని ఉపాధ్యాయులకు నెలకు 15 రూపాయలు. 300 తాసిల్దారీ బడులు, వాని ఉపాధ్యాయులకు నెలకు 9 రూపాయలు. పుస్తకముల సంఘమునకు నెలకు 700 రూపాయలు. వెరసి నెలకు 4,000, సంవత్సరమునకు 48,000 రూపాయలని లెక్క కట్టెను.

తొమ్మిది రూపాయలు స్వల్పమని ఎవరైన నందురేమోయని మన్రోయే సమాధానము చెప్పెను. పిల్లలవలన మరి అంత సొమ్ము ముట్టుననియు, అప్పుడు మన తాసిల్దారీ పంతులు స్థితి స్కాట్లండు గ్రామోపాధ్యాయుని స్థితికంటె మెరుగుగ నుండవచ్చుననియు ఆతని వాదము. దేశములమధ్య ఉపాధ్యాయుల వేతనములను పోల్చిన పాతలెక్కలలో ఇది యొకటి. అందుచే దానిని సరిచూచుట న్యాయము.

స్కాట్లండులో 1696నాటి చట్టము ప్రతి గ్రామమండలమునందును భూస్వాములు బడి కట్టించి పంతులునకు జీతమీయవలెనని శాసించినది. 1803లో ఆ జీతము సంవత్సరమునకు 300 నుండి 400 మెర్కులవరకు పెంచబడినది. అనగా సుమారు 17 నుండి 22 పౌనులు. మన్రో చెప్పిన 18 రూపాయలు సంవత్సరమునకు 216 అగును. పౌనుకు సుమారు పది రూపాయల చొప్పున చూచినచో ఇరువది యొక్క పౌను పైచిలుకు. అంకెలు దాదాపు సరితూగినవి! ఇచ్చట ధాన్యము చౌక యని కూడ మన్రో భావించి యుండవచ్చును. కాని స్కాట్లండు పంతులునకు జీతముగాక, పిల్లల రుసుము వేరుగ కలదు. రెండు గదులకు మించనక్కరలేనిదైనను ఒక ఇల్లు చట్టప్రకారము లభించును. ఆతని యోగ్యతను మతపెద్దల మండలి పరీక్షించును. విశ్వవిద్యాలయములో చదివి లాటిను చెప్పగల పంతుళ్లు అచ్చట అరుదుకారు. అన్నిటికంటె ముఖ్యము, ఆ జీతము చట్టబద్ధము. ఒకరి దయమీద ఆధారపడినది కాదు. మన్రో రూపాయలను పౌనులతో పోల్చెను గాని చట్టమును మినిట్‌తో పోల్చలేదు.

ఆ భేదమే ఫలితమును నిర్ణయించినది. 1827 జూలై 6వ తేదీన, పత్తికొండలో, గద్వాలకు అంత దూరముకాని చోట, మన్రో కలరా సోకి మరణించెను. ఆతని బడులు కొన్ని మాత్రమే తెరువబడి, 1836లో ఎత్తివేయబడినవి. పైవర్గములకు ఆంగ్లము నేర్పినచో చదువు తనంతతానుగ క్రిందికి దిగునను వాదము అప్పటికి గెలిచినది.

అదే కాలమున ఇతర దేశములు వేరు దారి త్రొక్కినవి. ప్రష్యాలో రెండవ ఫ్రెడరిక్ 1763లో పిల్లలందరును బడికి పోవలెనని శాసించినను, పల్లెపంతుళ్లలో కుట్టుపనివారును, గాయపడిన పాత సైనికులును ఉండెడివారు. చట్టము ముందు వచ్చి, పంతులు వెనుక పడుట అచ్చటను జరిగినది. ఉపాధ్యాయ శిక్షణాలయములు పెరిగిన పిమ్మటనే ఆ దేశపు బడులు ఇతరులు వచ్చి చూడదగినవైనవి. ఫ్రాన్సులో 1833నాటి గిజో చట్టము ఒక్కసారే రెండు ప్రశ్నలకును జవాబు చెప్పినది. యోగ్యతాపత్రము లేనివాడు బడి చెప్పరాదు. ప్రతి జిల్లాకు శిక్షణాలయము ఉండవలెను. పంతులునకు సంవత్సరమునకు 200 ఫ్రాంకులకు తగ్గకుండ జీతమును, నివాసమును గ్రామము ఈయవలెను. పిల్లల రుసుమును సర్కారు పన్నులతోపాటు పన్నుల అధికారియే వసూలు చేయవలెను. ఈ కడపటి నియమము చిన్నదిగ తోచును గాని, పంతులు గడప లెక్కవలసిన దైన్యమును పోగొట్టినది అదియే. 1889లో వారి జీతభారమును ప్రభుత్వమే వహించినది. జపాను 1872లో విద్యాశాసనముతోపాటు టోకియోలో ఉపాధ్యాయ శిక్షణాలయమును గూడ నెలకొల్పినది. ఉపాధ్యాయ విద్యార్థుల భోజనవసతులను ప్రభుత్వము భరించుచు, ప్రతిగా వారు కొంతకాలము బడిలో పనిచేయవలెనని కట్టడి చేసినది.

ఇంగ్లండు మాత్రము 1862లో ఒక వింత పద్ధతి పట్టినది. ఇన్‌స్పెక్టరు ఎదుట పిల్లలు చదువుటలో, వ్రాతలో, లెక్కలలో నెగ్గినకొలది బడికి గ్రాంటు. పంతులు జీతము దానిమీద ఆధారపడుటచే బోధన వల్లెవేతగ మారినది. ఆ శతాబ్దము ముగియకముందే ఆ దేశమే దానిని విడిచినది. ఫలితములనుబట్టి గ్రాంటునిచ్చు ఆ పద్ధతి మద్రాసు రాజధానికిని దిగుమతియై ఊరిబడులను చాలకాలము శాసించినది.

తుంగభద్రకు ఈవల, నిజాము రాజ్యమున, మరియొక చిక్కు కలదు. 1921లో ప్రాథమిక విద్య ఉచితమైనను, పైతరగతులలో ఉర్దూయే బోధనాభాష. భాగవతమును పంక్తిపంక్తికి విప్పి చెప్పగలవాడు సర్కారు బడిలో అనర్హుడై, ప్రజల భాష రానివాడు అర్హుడగుట సంభవించినది. ఖానగీ బడులకు అనుమతి కావలెనను నిర్బంధము వీధిబడిని గూడ కుదించినది. ఇటిక్యాలపాడులో జన్మించిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1930లో జోగిపేటలో ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. మాతృభాషలో విద్య ఆ మహాసభల ముఖ్యమైన కోరికలలో నొకటి. 1948 తరువాత బడులు తెలుగులోనికి మారగా, తెలుగున బోధింప శిక్షణ పొందినవారు కొరవడిరి. బయటినుండి వచ్చిన ఉపాధ్యాయుల నియామకములే 1952నాటి ముల్కీ ఆందోళనకు నిప్పురవ్వలైనవి. తరతరములుగ ఉపాధ్యాయులను తయారుచేయని సీమ చెల్లించిన మూల్యమది.

1966 అక్టోబరు 5వ తేదీన ఉపాధ్యాయుల స్థితిని గూర్చి యునెస్కో, అంతర్జాతీయ కార్మికసంస్థ కూడి చేసిన సిఫారసు, ఈ వృత్తికి సాటి చదువు కోరు ఇతర వృత్తులతో తులతూగు వేతనముండవలెనని చెప్పినది. అయినను 1980వ దశకమున ఆంధ్రప్రదేశ్‌లో 398 రూపాయల నెలసరి మొత్తముతో స్పెషల్ టీచర్లు నియమింపబడిరి; ఆ అంకెయే వారికి పేరుగ నిలిచిపోయినది. పిమ్మట విద్యావలంటీర్లు వచ్చిరి. ఒకే బడిలో, ఒకే తరగతికి, ఒకే పాఠము చెప్పు ఇద్దరికి రెండు విధముల జీతము కలుగుట మన కాలపు విడ్డూరము. యోగ్యత విషయమున 1993నాటి జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి చట్టము, 2009నాటి విద్యాహక్కు చట్టము, 2010 నుండి అర్హతపరీక్ష మార్గమును బిగించినవి. నేడు పరీక్షలో నెగ్గినవారు కలరు. వారిని నిలుపుకొను ఏర్పాటే ప్రశ్న.

నేటి దేశములను పోల్చువారు నాణెములను మాత్రమే పోల్చరాదు. మొదట ఆయా దేశపు ధరలను సరిచేయవలెను. తరువాత అదే దేశమున అంతే చదివిన ఇతరోద్యోగి రాబడితో పోల్చవలెను. ఆర్థిక సహకారాభివృద్ధి సంస్థ ఇట్లే లెక్కించును. దాని లెక్కలలో లక్సెంబర్గు అందరికంటె మిన్నగ జీతమిచ్చు దేశము. ఫిన్లండు అట్లు కాదు. అచ్చటి జీతము నడిమి వరుసలోనిది. కాని 1863లోనే జివాస్కిలాలో శిక్షణాలయము స్థాపించిన ఆ దేశము, 1979నుండి ప్రాథమికోపాధ్యాయునకు గూడ స్నాతకోత్తర పట్టము కావలెనని నిర్ణయించినది. ఆ చదువునకు పోటీ తీవ్రము. చాలినంత జీతమును, కఠినమైన యోగ్యతయు, ఊరి గౌరవమును కలిసినచో అత్యధిక జీతము లేకున్నను సమర్థులు వత్తురని దీనివలన తెలియుచున్నది. గౌరవమొక్కటే ఇచ్చి జీతమీయనిచోట వారు రారని మన వీధిబడి చరిత్ర చెప్పుచున్నది.

గద్వాల కోటలోపల మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మగారి పేర డిగ్రీ కళాశాల వెలసినది. వనపర్తి రాజప్రాసాదమున 1959లో పాలిటెక్నిక్ వెలసినది. రాజుల సభాస్థలములు విద్యాస్థలము లగుట శుభము. కాని 2011 జనాభా లెక్కలలో నేటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత సగమునకును చేరలేదు. విద్వాంసుల పేర ప్రసిద్ధి కెక్కిన సీమలో ఇద్దరిలో ఒకరు చదువలేని స్థితికి కారణము పండితుల కొరత కాదు. శిఖరమున శాలువ కప్పి, పునాదిలో పంతులును దసరా మామూలుకు విడిచిపెట్టుటయే ఒక కారణము. నాగావి శాసనము వ్రాయించినవారు ఉపాధ్యాయునకును, పుస్తకములు కాపాడువానికిని ఒకే రాతిమీద జీవనము నిర్ణయించిరి. బడి, గ్రంథాలయము ఒకే వంటకు రెండు పొయ్యిరాళ్లు, మూడవది ఊరు. ఆ మూడవ రాయి కదలనంతకాలము వంట చెడదు. ఊరి బడిలో ఎందరు ఉపాధ్యాయులుండవలెనో, ఎందరున్నారో, ఏ చదువు గలవారో, ఏ జీతముపై నున్నారో లెక్క అడుగుట ప్రతి గ్రామస్థుని హక్కు. శిస్తు లెక్క వలెనే ఈ లెక్కయు ఏటేట సరిచూడవలసినదే.