మంచు కబురు ఎవరు రాశారు?

దావోస్ అనగానే తెలుగు పత్రికలు చదివేవాళ్లకి గుర్తొచ్చేవి జనవరిలో మన ముఖ్యమంత్రులు చేసే ప్రయాణాలు, పెట్టుబడుల ఒప్పందాలు, ఉన్నికోట్లలో దిగిన ఫోటోలు. ఆ ఫోటోల వెనకాల తెల్లగా కనిపించే కొండలకీ ఒక చరిత్ర ఉంది. స్విట్జర్లాండ్‌లో, సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తున ఉన్న ఆ ఊరు నూటయాభై ఏళ్లకు పైగా మంచు మీదే బతుకుతోంది. చలికాలపు పొడిగాలి కోసం క్షయరోగులు అక్కడికి రావడం 1865లో మొదలైంది. ఆ తర్వాత స్కీయింగ్ చేసేవాళ్లు వచ్చారు. ఇద్దరికీ కావలసిన కబురు ఒకటే. రాత్రి ఎంత మంచు పడింది? ఇంకా ఎంత పడుతుంది? బయటికి వెళ్లొచ్చా? ఈ కబురుని ఎవరు గమనించారు, ఎవరు రాశారు, చివరికి ఎవరి పేరుమీద నిలిచింది అన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

దీని గురించి తెలుగులో రాయబోతే ముందే ఒక చిక్కు ఎదురవుతుంది. ధనుర్మాసంలో గడ్డిపరకల మీద నిలిచేదీ మనకి మంచే, తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద పేరుకున్నదీ మంచే. ఆల్ప్స్ కొండల్లో అలా కుదరదు. కొత్తగా పడ్డ మంచు, గాలి కొట్టుకొచ్చి ఒకచోట పోగేసిన మంచు, ఎండకి తడిసి బరువెక్కిన మంచు, పై పొరల కింద గుల్లగా మిగిలిపోయిన పాత మంచు - ఇవన్నీ అక్కడ వేరువేరు. ప్రాణం తీసే తీరు ఒక్కోదానిది ఒక్కోరకం. కింద గుల్లపొర ఉందని పైనుంచి చూస్తే తెలియదు. స్కీ వేసుకున్న మనిషి బరువు పడగానే ఆ పొర విరిగి, పైనున్న మంచు పలకంతా ఒక్కసారిగా జారుతుంది. మన కోస్తాలో తుఫాను ప్రమాద సూచికకి నంబర్లున్నట్టే అక్కడ మంచు చరియల ప్రమాదానికీ ఒకటి నుంచి అయిదు దాకా అంకెలున్నాయి. యూరప్ దేశాలన్నిటికీ కలిపి ఈ కొలతను 1993లో స్థిరపరిచారు. చిత్రమేమిటంటే, అయిదో అంకె ఉన్న రోజున జనం ఇళ్లలోనే ఉంటారు. స్విట్జర్లాండ్‌లో చనిపోయేవాళ్లలో దాదాపు సగంమంది మూడో అంకె ఉన్న రోజుల్లో, అంటే ఫర్వాలేదులే అనిపించే రోజుల్లోనే చనిపోతున్నారు.

ఈ సూచనల పుట్టిల్లు దావోసే. ఊరి పైనున్న వైస్‌ఫ్లూయోఖ్ అనే చోట, 2,500 మీటర్లకు పైన, 1936లో శాస్త్రవేత్తలు ఒక చెక్క గుడిసె వేసుకుని మంచును పరీక్షించడం మొదలుపెట్టారు. 1942లో అది మంచు చరియల పరిశోధనా సంస్థ అయింది. యుద్ధకాలంలో సైన్యం నడిపిన హెచ్చరికల పని 1945లో ఈ సంస్థ చేతికి వచ్చింది. ఇప్పుడు చలికాలమంతా రోజూ సాయంత్రం అయిదింటికి, మళ్లీ పొద్దున ఎనిమిదింటికి సూచన వెలువడుతుంది. 1936 నుంచి ఆ కొండమీద మంచు ఎంత మందాన ఉందో రోజువారీ లెక్క ఉంది. ఎనభై ఏళ్ల కిందటి ఫలానా రోజున అక్కడ ఎన్ని సెంటీమీటర్ల మంచు ఉందో ఇవాళ వెతికి తీయొచ్చు. రాతకి ఉన్న బలం అది. అయితే ఈ సూచనలు మొదలైన 1945లో స్విస్ స్త్రీలకి దేశ ఎన్నికల్లో ఓటు లేదన్న సంగతిని పక్కన పెట్టి ఈ చరిత్ర చదవలేం. ఆ హక్కు వాళ్లకి 1971లో గానీ రాలేదు.

ఇక గుడిసెకంటే ముందు కాలానికి వెళదాం. ఇంగ్లీషు రచయిత జాన్ ఆడింగ్టన్ సైమండ్స్ ఊపిరితిత్తుల జబ్బుతో 1877లో దావోస్ చేరి, కుటుంబంతో అక్కడే స్థిరపడ్డాడు. ఆ ఊరి చలికాలం గురించి, మంచు తుఫాన్ల గురించి, చరియల గురించి వివరంగా చెప్పే 'అవర్ లైఫ్ ఇన్ ది స్విస్ హైలాండ్స్' అనే పుస్తకం 1892లో వచ్చింది. అందులో ఆయన అధ్యాయాలతోపాటు ఆయన కూతురివీ ఉన్నాయి. ముఖపత్రం మీద ఆమె ఎలా ఉందో చూడండి: తండ్రికి పూర్తి పేరు, ఆ తర్వాత 'ఆయన కుమార్తె మార్గరెట్' అని. అదే 1892లో ఆ ఇంటినుంచే ఇంకో పుస్తకం వచ్చింది. మన దేశంతో సహా లోకమంతా ఒంటరిగా తిరిగి మొక్కల బొమ్మలు వేసిన చిత్రకారిణి మరియాన్ నార్త్ ఆత్మకథ అది. ఆమె పోయాక దాన్ని సరిచూసి ప్రచురించింది చెల్లెలు జానెట్ కేథరిన్, అంటే మార్గరెట్ తల్లి. ఆ ముఖపత్రం మీద సంపాదకురాలి పేరు 'మిసెస్ జాన్ ఆడింగ్టన్ సైమండ్స్'. ఒకే ఏడాది, ఒకే ఇల్లు, ఇద్దరు స్త్రీల శ్రమ. రెండు ముఖపత్రాలమీదా సంపూర్ణంగా ఉన్న పేరు ఆ ఇంటి మగమనిషిదే.

మార్గరెట్ ఆ తర్వాత కూడా రాసింది. కానీ సాహిత్య చరిత్రలో ఆమె నిలిచింది ఇంకోలా. వర్జీనియా వుల్ఫ్ చిన్నవయసులో ఎంతో ఆరాధించిన స్నేహితురాలు ఈమే. 'మిసెస్ డాలోవే' నవలలోని సాలీ సీటన్ పాత్రకి మూలం ఈమేనని వుల్ఫ్ పరిశోధకులు చెబుతారు. ఇక్కడ రాసింది స్త్రీయే కాబట్టి దీన్ని కేవలం మగవాళ్ల కుట్రగా తేల్చేయలేం. అయినా రాయగలిగిన మనిషి వేరొకరి రాతలో పాత్రగా మాత్రమే మిగలడంలో ఒక బాధ ఉంది. చెల్లెలు కేథరిన్ కథ వేరు. దావోస్ మంచులో ఆడుతూ పెరిగిన ఈమె ఆరితేరిన స్కీయర్ అయింది, మొదటి ప్రపంచయుద్ధకాలంలో, 1917లో, బ్రిటిష్ నావికాదళపు మహిళా విభాగానికి మొదటి డైరెక్టరయింది. 1940లో తన ఆత్మకథను తన పేరుతోనే అచ్చువేసుకుంది.

దావోస్ మంచు గురించి లోకమంతా చదివిన పుస్తకం మాత్రం థామస్ మాన్ 1924లో ప్రచురించిన 'ది మ్యాజిక్ మౌంటెన్'. అందులో 'మంచు' అనే అధ్యాయం ప్రసిద్ధం. శానిటోరియంలో రోగిగా ఉన్న యువకుడు దొంగచాటుగా స్కీయింగ్ నేర్చుకుని, ఒంటరిగా కొండల్లోకి వెళ్లి మంచు తుఫానులో చిక్కుకుంటాడు. ఈ నవల ఎలా పుట్టింది? 1912లో దావోస్ శానిటోరియంలో నెలల తరబడి రోగిగా ఉన్నది మాన్ కాదు, ఆయన భార్య కాత్యా. ఆమెను చూడ్డానికి వెళ్లి ఆయన అక్కడున్నది కొద్దివారాలు. మిగతా కాలమంతా అక్కడి మనుషుల గురించి, రోజుల గురించి ఆమె ఉత్తరాలు రాసింది. నవలకి ముడిసరుకు చాలావరకు ఆ ఉత్తరాలే. కాత్యా సామాన్యురాలు కాదు. ఆడపిల్లలకి చదువే అరుదైన రోజుల్లో మ్యూనిక్ విశ్వవిద్యాలయంలో గణితం, భౌతికశాస్త్రం చదివింది. ఎక్స్‌రే కనిపెట్టిన రాంట్‌జన్ ఆమెకు గురువు. ఆ ఉత్తరాలిప్పుడు లేవు, పోయాయి. తొంభై ఏళ్ల వయసులో ఆమె చెప్పగా ఇతరులు కూర్చిన జ్ఞాపకాలు 1974లో వచ్చాయి. ఆ పుస్తకం పేరుకు తెలుగు చేస్తే 'నేను రాయని జ్ఞాపకాలు'.

సూచన అనే మాటకి ఇంకో అర్థం కూడా ఉంది. స్త్రీ శరీరం మంచును తట్టుకోగలదా అని మగవాళ్లు చెప్పిన జోస్యాలకీ లెక్కలేదు. స్విట్జర్లాండ్‌కి పక్కనున్న ఆస్ట్రియాలో 1905లో జరిగిన తొలి స్లాలమ్ పోటీలో మిట్సీ ఆంగెరర్ ఒక్కతే స్త్రీ. అదే దేశంలో పౌలా లాంబెర్గ్ 1911లో స్కీలమీదనుంచి 22 మీటర్లు దూకింది. తొంభై నాలుగేళ్ల తర్వాత, 2005లో, అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫ్రాంకో కాస్పర్ స్కీ జంపింగ్ స్త్రీలకి వైద్యపరంగా తగినట్టు లేదన్నాడు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో చోటుకోసం స్త్రీలు కోర్టుకెక్కారు. ఇది వివక్షేనని 2009లో కెనడా న్యాయమూర్తి ఒప్పుకుంటూనే, ఒలింపిక్ కమిటీని ఆదేశించే అధికారం తనకు లేదన్నారు. 2014లో సోచీలో కారీనా ఫోక్ట్ తొలి స్వర్ణం గెలిచేదాకా ఆ తలుపు తెరుచుకోలేదు. జంపింగ్, స్కీ పరుగు కలిసిన నార్డిక్ కంబైన్డ్‌లో స్త్రీలకు 2026 క్రీడల్లోనూ చోటివ్వకూడదని 2022లోనే నిర్ణయించారు. మంచు గురించి చెప్పిన సూచన తప్పితే సాయంత్రానికి సరిదిద్దుతారు. స్త్రీల గురించి చెప్పింది సరిదిద్దడానికి వందేళ్లు పట్టింది.

మంచు కబురు ఎవరిని ఉద్దేశించి రాస్తున్నారన్నదీ మారిపోయింది. 1950-51 చలికాలంలో స్విట్జర్లాండ్‌లో మంచు చరియలు 98 మందిని బలితీసుకున్నాయి. వాళ్లలో ఎక్కువమంది ఇళ్లలోనో, కొట్టాల్లోనో ఉన్నవాళ్లు. పొయ్యి దగ్గరా పసువుల దగ్గరా పనిలో ఉన్నవాళ్ల మీదికి కొండ దిగివచ్చింది. ఆ తర్వాత ప్రమాదకరమైన చోట్ల ఇళ్లు కట్టనివ్వలేదు, అడ్డుకట్టలు వేశారు. ఇవాళ చనిపోతున్నవాళ్లు దాదాపు అందరూ సరదాకోసం కొండెక్కినవాళ్లే. సూచన భాష కూడా వాళ్లకోసమే మారింది: ఏ వాలు మీద జారొచ్చు, ఏ దిక్కున జాగ్రత్త అని. కింద ఇంట్లో ఉన్నవాళ్లు మంచు గురించి ఏం తెలుసుకున్నారో, పైకప్పు మీద బరువు చూసి, గాలి చప్పుడు విని ఏం పసిగట్టేవారో ఈ లెక్కల్లో లేదు.

నాకు ఆ కొలతల మీద కోపం లేదు. అవి ఎన్నో ప్రాణాలు కాపాడాయి. నా ఫిర్యాదు దాచిపెట్టడంలోని పక్షపాతం మీద. ఒక కొండమీద పడిన మంచుకి 1936 నుంచి రోజువారీ లెక్క భద్రంగా ఉంది. అదే ఊళ్లో ఒక చదువుకున్న స్త్రీ నెలల పాటు రాసిన ఉత్తరాల్లో ఒక్కటీ మిగల్లేదు. సాహిత్య పరిశోధనలో ఉన్న మనం పుస్తకం లోపలి పేజీలు చదివినంత శ్రద్ధగా ముఖపత్రాలు చదవం, కృతజ్ఞతలు చదవం, ఫలానావారి భార్య, ఫలానావారి కుమార్తె అన్నచోట ఆగం. ఆగాలి. మన అమ్మమ్మల ట్రంకుపెట్టెల్లో ఇంకా మిగిలిన ఉత్తరాలుంటే, అవి ఏ నవలకీ ముడిసరుకు కాకపోయినా సరే, తేదీలు వేసి దాచుకోవాలి.