59 రోజుల హెచ్చరిక

గంజాం చరిత్రలో కొన్ని తేదీలు మనకు బాగా తెలుసు. 1815లో గంజాం పట్టణంలో విషజ్వరం చెలరేగి ఊరు పాడుపడింది. కంపెనీ దొరలు తమ కచేరీలను అక్కడి నుంచి ఎత్తేశారు. 1936 ఏప్రిల్ 1న మన బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి, కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరింది. 2013 అక్టోబరు 12 రాత్రి గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుపాను తీరం దాటింది. ఈ వరసలో ఇంకో తేదీని చేర్చాలని నా అభిప్రాయం. అది 2017 మే 12, శుక్రవారం. ఆ రోజు గాలి వీచలేదు, వాన పడలేదు. అయినా ప్రపంచంలో 150కి పైగా దేశాలను ఒక జబ్బు చుట్టేసింది. ఆ జబ్బు మనుషులకు కాదు, కంప్యూటర్లకు. దాని పేరు వన్నాక్రై.

కంప్యూటరు చెడిపోతే అది మెకానిక్కు పని గానీ చరిత్ర ఎలా అవుతుంది అని కొందరు అడగొచ్చు. ముప్పు వస్తోందని ఎవరికి ముందుగా తెలిసింది, తెలిసినవాళ్ళు ఎవరికి చెప్పారు, విన్నవాళ్ళు ఏం చేశారు, ఈ మూడూ కలిస్తే చరిత్రే కదా. వన్నాక్రై కథలో ఈ మూడూ ఉన్నాయి.

ముందు ఏం జరిగిందో చెబుతాను. వన్నాక్రై కంప్యూటర్లోకి దూరి అందులోని ఫైళ్ళన్నిటికీ రహస్య తాళం వేసేసేది. తర్వాత తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి కనిపించేది. 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టాలి, మూడు రోజులు దాటితే 600, ఏడు రోజులు దాటితే ఇక ఫైళ్ళ మీద ఆశ వదులుకోవాలి అని అందులో ఉండేది. ఆ బెదిరింపు 28 భాషల్లో ఉంది. అందులో తెలుగు లేదు, ఒడియా లేదు, హిందీ కూడా లేదు. మన భాషలో బెదిరించకపోయినా మనల్ని మాత్రం వదల్లేదు. పక్కనే ఉన్న శ్రీకాకుళం, ఆ పైన విశాఖపట్నం, కృష్ణా, గుంటూరు, చిత్తూరు జిల్లాల్లో 18 పోలీసు యూనిట్ల కంప్యూటర్లకు ఇది సోకిందని అప్పట్లో వార్తలొచ్చాయి. కేరళలో వయనాడు పంచాయతీ ఆఫీసులకూ సోకింది. మన బరంపురం సిటీ ఆసుపత్రి కంప్యూటరు కూడా దీని బారిన పడిందని పత్రికలు రాశాయి. ఇంగ్లండులో అయితే ప్రభుత్వ ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని లెక్క కట్టారు. అంబులెన్సులను వేరే ఆసుపత్రులకు మళ్ళించారు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ జబ్బుకు మందు అప్పటికే ఉంది. విండోస్‌లో కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఫైళ్ళు పంచుకునే భాగంలో ఒక లోపం ఉండేది. ఆ లోపం అమెరికా గూఢచారి సంస్థ ఎన్.ఎస్.ఏ.కి ముందే తెలుసు. తెలిసినా చెప్పకుండా, దాన్ని వాడుకునే ఆయుధం ఒకటి తయారు చేసుకుంది. దాని పేరు ఎటర్నల్‌బ్లూ. 2017 మార్చి 14న మైక్రోసాఫ్ట్ ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్ విడుదల చేసింది. ఏప్రిల్ 14న షాడో బ్రోకర్స్ అనే ముఠా ఆ ఆయుధాన్ని ఇంటర్నెట్‌లో బయటపెట్టేసింది. మే 12న వన్నాక్రై వచ్చింది. మార్చి 14 నుంచి మే 12 వరకు లెక్కపెట్టండి, సరిగ్గా 59 రోజులు. ఆ 59 రోజుల్లో ఏదో ఒకరోజు అప్‌డేట్ వేసుకున్న కంప్యూటర్‌లోకి వన్నాక్రై ఆ లోపం గుండా దూరలేకపోయింది. వేసుకోనిది ఒక్కటున్నా, దాని నుంచి అదే ఆఫీసులో వేసుకోని మిగతావాటికి పాకింది. ఎవరూ ఏదీ నొక్కక్కర్లేదు, తీగ కలిసి ఉంటే చాలు.

ఇలాంటి అప్‌డేట్‌ను ఇంగ్లీషువాళ్ళు ప్యాచ్ అంటారు. ప్యాచ్ అంటే మన మాసికే. వెనకటి కంప్యూటర్లకు చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద ఆజ్ఞలు ఇచ్చేవారు. తప్పు చిల్లు పడితే దాని మీద కాగితం ముక్క అతికించేవారు. ఆ మాటే ఇప్పటికీ నిలిచిపోయింది. పట్టు నేసే ఊరివాళ్ళం కాబట్టి మనకు ఇది సులువుగా అర్థమవుతుంది. చిరుగు చిన్నదిగా ఉన్నప్పుడే మాసిక వెయ్యాలి, పెద్దదయ్యాక ఎంత మంచి పనివాడైనా ఏం చెయ్యలేడు.

మందు చేతిలో ఉండీ జబ్బు తెచ్చుకోవడం అదే మొదటిసారి కూడా కాదు. 2003 జనవరి 25న స్లామర్ అనే పురుగు వచ్చింది, దానికి మాసిక 2002 జూలైలోనే ఇచ్చారు. అదే 2003 ఆగస్టులో బ్లాస్టర్ వచ్చింది, దాని మాసిక జూలైలో ఇచ్చారు. ఆ దెబ్బలు తిన్న తర్వాత 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు ఇచ్చే ఆనవాయితీ పెట్టింది. ఒక రోజంటూ ఉంటే ఆఫీసులవాళ్ళు సిద్ధంగా ఉంటారని దాని ఉద్దేశం. అయినా 2008 నవంబరులో కాన్‌ఫికర్ వచ్చింది, దాని మాసిక అక్టోబరు 23నే వచ్చి ఉంది. అంటే పదిహేనేళ్ళలో ఒకే పాఠం నాలుగుసార్లు చెప్పించుకున్నాం.

మరి జనం ఎందుకు వేసుకోరు? బద్ధకం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. నేను మాత్రం అది పూర్తి జవాబు కాదంటాను. మా మావయ్యకి బరంపురంలో చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ ఫారాల దుకాణం ఉంది. స్కాలర్‌షిప్ ఫారాలు, పింఛను కాగితాలు, కుల ధ్రువపత్రాలు అన్నీ ఒకే కంప్యూటర్ మీద నడుస్తాయి. దానిమీద అప్‌డేట్ ప్రతిరోజూ సగం వరకు ఎక్కి, ఇక కుదరదని వెనక్కి పోయేది. పోతూ పోతూ అరగంట తినేసేది. బయట గిరాకీ లైను కట్టి ఉండేది. "ఏట్రా ఇది, జనం వచ్చినప్పుడే దీనికి అప్‌డేట్ గుర్తొస్తాది" అని మావయ్య విసుక్కుని దాన్ని ఆపించేశాడు. స్కాలర్‌షిప్ ఆఖరు తేదీ రేపు అన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

ఐ.టి.ఐ. చదివే మా పెద్దన్నయ్య ఒక ఆదివారం దుకాణం మూసి ఉండగా కూర్చున్నాడు. పక్కన కూర్చుని నేను అన్నీ రాసుకున్నాను. మొదట జనం కాగితాలున్న ఫోల్డర్లన్నీ బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసి, డిస్కు తీగ పీకేశాడు. తీగ పీకడం ముఖ్యం, తగిలించి వదిలేస్తే వన్నాక్రై లాంటిది ఆ కాపీకి కూడా తాళం వేసేస్తుంది. రెండోది, సి డ్రైవులో చోటు చూశాడు. ఎర్రగీత పడి ఉంది. పాత స్కాన్లు, సినిమాలు తీసేస్తే 20 జి.బి. చోటు దొరికింది. మూడోది గడియారం. ఆ కంప్యూటర్లో తేదీ చాలా ఏళ్ళ వెనక్కి పోయి ఉంది. లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటుంటుంది, అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. అప్‌డేట్ ఇచ్చే సర్వరు తన గుర్తింపు పత్రం చూపిస్తుంది. ఆ పత్రం ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని రాసి ఉంటుంది. తేదీ తప్పిన కంప్యూటరు అది ఇంకా చెల్లదనుకుని నమ్మడం మానేస్తుంది. బ్యాటరీ మార్చి తేదీ సరిచేశాడు.

నాలుగోది, సెట్టింగుల్లో ఉన్న ట్రబుల్‌షూటర్ నడిపాడు. అప్పటికీ తెమల్లేదు. అప్పుడు అప్‌డేట్ సర్వీసును ఆపి, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్ అనే ఫోల్డరు పేరు మార్చాడు. సగం సగం దిగిన ముక్కలు అందులోనే ఇరుక్కుని ఉంటాయట. సర్వీసు మళ్ళీ మొదలుపెడితే కొత్త ఫోల్డరు అదే తయారు చేసుకుని అన్నీ మొదటి నుంచి దించుకుంది. గంటన్నర పట్టింది, ఈసారి పూర్తిగా ఎక్కింది. అన్నయ్య చేసిందాంట్లో మంత్రం ఏమీ లేదు. కావలసిందల్లా ఒక సెలవు రోజు, తెలిసిన మనిషి ఒకడు, ఒక బ్యాటరీ. చాలా ఆఫీసుల్లో ఈ మూడూ ఒకేసారి దొరకవు. ఆ 59 రోజులు ఎందుకు గడిచిపోయాయో నాకు ఆ ఆదివారం అర్థమైంది.

భయానికి కూడా కారణం లేకపోలేదు. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే రక్షణ సంస్థ పంపిన తప్పు అప్‌డేట్ వల్ల సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలి తెర చూపించి ఆగిపోయాయి. మన దేశంలో విమానాశ్రయాల్లో బోర్డింగు పాసులు చేత్తో రాసిచ్చారు. హైదరాబాదులో అలా రాసిచ్చిన పాసు ఫోటో దేశమంతా తిరిగింది. ఆ రోజు మందే జబ్బయింది. దాన్ని చూసి అప్‌డేట్లు మానెయ్యాలి అనడం మాత్రం, ఒకరికి సూది మందు పడలేదని ఊరంతా టీకా మానెయ్యడం లాంటిది. దానికి విరుగుడు వేరే ఉంది. ముందు కాపీ తీసి పెట్టుకోవాలి. పది కంప్యూటర్లుంటే ఒక దానిమీద వేసి, ఒకటి రెండు రోజులు చూసి, మిగతావాటి మీద వెయ్యాలి. రెండు రోజులు ఆగడం వేరు, 59 రోజులు ఆగడం వేరు.

ఈ తేడా మన జిల్లావాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1999 అక్టోబరు 29న పారాదీప్ దగ్గర తీరం దాటిన మహా తుపానులో సుమారు 10 వేలమంది చనిపోయారు. 2013లో ఫైలిన్ మన గోపాల్‌పూర్ మీదికే వచ్చింది. గాలి గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వీచింది. చెట్లు, స్తంభాలు, ఇళ్ళు పోయాయి. కానీ పోయిన ప్రాణాలు వంద కూడా లేవు. ఎందుకంటే ముందుగానే సుమారు 10 లక్షల మందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. 1999లో కూడా హెచ్చరిక వచ్చింది. మధ్యలో మారింది హెచ్చరిక ఒక్కటే కాదు. వెళ్ళడానికి తుపాను షెల్టర్లు కట్టారు, ఇంటింటికీ వచ్చి పిలిచే మనుషులు ఏర్పడ్డారు. రేడియోలో చెప్పేసి ఊరుకుంటే ముసలమ్మ ఒక్కత్తీ ఎక్కడికి పోతుంది? అప్‌డేట్ సంగతీ అంతే. తెర మూలన చిన్న అక్షరాల్లో, ఇంగ్లీషులో ఒక మాట కనిపిస్తుంది. దాన్ని చదివి, చేసి పెట్టే మనిషి లేకపోతే అది హెచ్చరిక అనిపించుకోదు. ఇంగ్లండులో ఆసుపత్రుల మీద విచారణ చేసిన ఆడిట్ కార్యాలయం కూడా చివరికి, మామూలు జాగ్రత్తలతోనే దీన్ని ఆపగలిగేవారని తేల్చింది.

ఇప్పుడు మన వంతు వచ్చింది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి ఉచిత మద్దతు ముగిసింది. మన చుట్టూ దుకాణాల్లో, బడుల్లో, ఆఫీసుల్లో ఎన్ని కంప్యూటర్లు ఇంకా దానిమీదే నడుస్తున్నాయో చూడండి. కొన్నిటికి విండోస్ 11 ఎక్కుతుంది. ఎక్కనివాటిని లినక్స్‌కి మార్చొచ్చు, లేదా ఇంటర్నెట్ తీగ తీసేసి టైపింగుకి మాత్రమే వాడుకోవచ్చు. ఏది చేసినా, ఫలానా పని ఫలానావాళ్ళది అని ముందు తేలాలి. మన బడిలో పై తరగతుల పిల్లలం నెలకొకసారి, రెండో మంగళవారం తర్వాత వచ్చే శనివారం, మాస్టార్ల అనుమతితో ల్యాబు కంప్యూటర్లలో తేదీ, చోటు, అప్‌డేట్ మూడూ చూసి ఒక పుస్తకంలో రాసి పెట్టొచ్చు. దానికి ఒక నోటుబుక్కు చాలు. కొన్నాళ్ళకి ఆ పుస్తకమూ చరిత్రే అవుతుంది. హెచ్చరిక వచ్చిన ఎన్నో రోజున మనం కదిలామో అందులో రాసి ఉంటుంది.