టీచర్లే విద్యార్థులైన బడి

పిల్లలకు బైబిలు చెప్పడానికి భక్తి ఉంటే చాలా, శిక్షణ కూడా కావాలా? నూట యాభై ఏళ్ల క్రితం అమెరికాలో ఇద్దరు మిత్రులు ఈ ప్రశ్న వేసుకున్నారు. ఒక సరస్సు ఒడ్డున రెండు వారాల పాటు సండేస్కూల్ టీచర్లకే బడి పెట్టి జవాబు చెప్పారు.

1874 ఆగస్టు 4న న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వా సరస్సు తీరాన, ఫెయిర్ పాయింట్ అనే చోట ఆ బడి మొదలైంది. మెథడిస్టులు ఉజ్జీవ కూటాలు జరుపుకొనే అడవి అది. ఆ ఆగస్టులో గుడారాల్లో దిగినవాళ్లు మాత్రం నోట్‌బుక్కులు పట్టుకుని పాఠాలు వినడానికి వచ్చారు. సొంత ఊళ్లలో ఆదివారం ఆదివారం పిల్లలకు బైబిలు చెప్పేవాళ్లే ఇక్కడ విద్యార్థులై కూర్చున్నారు.

జీతం లేని పంతుళ్లు

ఈ అవసరం ఎందుకొచ్చిందో తెలియాలంటే దాదాపు వందేళ్లు వెనక్కి వెళ్లాలి. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్‌లో రాబర్ట్ రైక్స్ అనే పత్రికాధిపతి పేద పిల్లల కోసం ఆదివారం బడి తెరిచాడు. గుండుసూదుల కార్ఖానాల్లో వారమంతా పనిచేసే పిల్లలకు సెలవు దొరికేది ఆ ఒక్క రోజే. అక్షరాలు నేర్పడం, బైబిలు చదివించడం, నడవడిక దిద్దడం అన్నీ ఆ కాసేపట్లోనే జరగాలి. మొదట్లో బోధించే స్త్రీలకు కొంత సొమ్ము ముట్టేది. ఉద్యమం పెరిగేకొద్దీ జీతం లేకుండా సేవచేసే టీచర్లే దానికి ఆధారమయ్యారు. అదే సండేస్కూల్‌కు పెద్ద బలం. లోటు కూడా అక్కడే ఉంది.

ఆదివారం పాఠం చెప్పే రైతుకో, దుకాణదారుకో, గృహిణికో బోధన ఎవరూ నేర్పలేదు. మామూలు బడిపంతుళ్ల పరిస్థితి వేరు. 1839లోనే మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెరిచింది. కూడికలు నేర్పే పంతులుకు శిక్షణ తప్పనిసరి అనుకున్న సమాజం, దేవుడి గురించి చెప్పే టీచరుకు మంచి మనసుంటే చాలనుకుంది.

ఇద్దరు మిత్రులు

ఈ లోటును గట్టిగా పట్టించుకున్నవాడు జాన్ హైల్ విన్సెంట్. 1832లో పుట్టిన ఈ మెథడిస్టు పాస్టరుకు కాలేజీ చదువు అందలేదు. ఆ వెలితి జీవితమంతా ఆయన్ను ముందుకు తోసింది. పాస్టరుగా తొలి రోజుల్లోనే బైబిలు భూగోళం చెప్పడానికి ప్రత్యేక తరగతి నడిపాడు. ఆ తర్వాత సండేస్కూల్ టీచర్ల కోసం పత్రిక పెట్టాడు.

రెండోవాడు ఒహాయో రాష్ట్రం ఆక్రన్ పట్టణవాసి లూయిస్ మిల్లర్. వ్యవసాయ యంత్రాలు కనిపెట్టిన పారిశ్రామికవేత్త, తన సంఘంలో సండేస్కూల్ సూపరింటెండెంటు. ఆయన ఆలోచనతో ఆక్రన్‌లో కట్టిన సండేస్కూల్ భవనం మధ్యలో పెద్ద హాలు, చుట్టూ అర్ధవలయంగా తరగతి గదులు ఉండేవి. తలుపులు తీస్తే అందరూ కలిసి ప్రార్థన చేసుకోవచ్చు. మూస్తే ఏ వయసు పిల్లలకు ఆ వయసు పాఠం చెప్పుకోవచ్చు. ‘ఆక్రన్ ప్లాన్’గా పేరు తెచ్చుకున్న ఈ నమూనాను అమెరికాలో ఎన్నో చర్చిలు అనుసరించాయి.

శిక్షణ కూటం అడవిలో పెడదామన్నది మిల్లర్ ఆలోచన. ఉజ్జీవ కూటాల వాతావరణంలో చదువు సాగదేమోనని విన్సెంట్ మొదట వెనకాడాడు. చివరికి ఒప్పుకున్నాడు, అయితే కూటం ఆవేశాల మీద కాక అధ్యయనం మీద నడవాలన్న పట్టు వదల్లేదు.

నేల మీద పరిచిన పాఠం

రెండు వారాలూ బైబిలు చరిత్ర, భూగోళం, పాఠం సిద్ధం చేసుకునే తీరు, పిల్లల్ని ప్రశ్నలు అడిగే పద్ధతి ప్రధానాంశాలు. చివర్లో పరీక్ష కూడా పెట్టారు. తొలి ఏళ్లలో ఫ్రాంక్ బియర్డ్ అనే కార్టూనిస్టు నల్లబల్ల మీద సుద్దతో బొమ్మలు గీస్తూ పాఠం ఎలా నడపాలో చూపించేవాడు.

అన్నిటికన్నా పేరుపడింది ‘పాలస్తీనా పార్కు’. సరస్సు ఒడ్డునే మట్టితో పవిత్ర దేశాన్ని మలిచారు. హెర్మోను కొండ, గలిలయ సముద్రం, యొర్దాను నది, మృత సముద్రం, యెరూషలేము అన్నీ నడిచి చూసేంత పెద్దవి. సరస్సే మధ్యధరా సముద్రం. అసలు పాలస్తీనాకు సముద్రం పడమర, ఇక్కడ సరస్సేమో తూర్పున ఉంది. అందువల్ల దిక్కులు తారుమారయ్యాయి. అయినా యెరికో నుంచి యెరూషలేముకు ఎంత ఎత్తు ఎక్కాలో కాళ్లతో తెలుసుకున్న టీచరు, మంచి సమరయుడి కథలో దొంగలు పొంచి ఉన్న ఆ దారి గురించి పిల్లలకు మరింత ప్రాణం పోసి చెప్పగలడు. బోధనలో ఇది గొప్ప సత్యం. టీచరు తాను చూసినదాన్నే చూపించగలడు.

ఈ శిక్షణ వ్యాపించడానికి అంతకుముందే జరిగిన మరో మార్పు కూడా తోడ్పడింది. షికాగో వ్యాపారి బి.ఎఫ్. జేకబ్స్ పట్టుదలతో 1872లో ఇండియానాపొలిస్ మహాసభ ఉమ్మడి పాఠక్రమాన్ని ఆమోదించింది. ఒకే ఆదివారం అన్ని సంఘాల్లోనూ ఒకే బైబిలు భాగం. దాంతో టీచర్లు పాఠాన్ని కలిసి సిద్ధం చేసుకునే వీలు కలిగింది.

రెండో ఏడు, 1875లో అమెరికా అధ్యక్షుడు గ్రాంట్ షటాక్వాకు వచ్చాడు. గలీనా పట్టణంలో ఉన్న రోజుల నుంచే ఆయనకు పాస్టర్ విన్సెంట్‌తో పరిచయం. 1878లో ఇంటి దగ్గరే చదువుకునేవారి కోసం షటాక్వా పఠన వలయం మొదలైంది. సండేస్కూల్ టీచర్ల కోసం పుట్టిన కూటం వయోజన విద్యకు తలుపులు తెరిచింది. షటాక్వా సంస్థ నేటికీ ప్రతి వేసవిలో నడుస్తోంది.

మన ఊళ్ల దాకా

మన దేశంలో 1876లో అలహాబాద్‌లో ఇండియా సండే స్కూల్ యూనియన్ ఏర్పడింది. మన ఊళ్లలో జరిగే వేసవి బైబిలు బడి (వీబీఎస్) మూలాలు కూడా న్యూయార్క్ నగరంలో కనిపిస్తాయి. 1898లో ఎలైజా హాస్ అనే మహిళ వీధి పిల్లల కోసం బీరు హాలు అద్దెకు తీసుకుని బడి నడిపారు. 1901లో రాబర్ట్ బోవిల్ దాన్ని ఉద్యమంగా మలిచారు. నేడు తెలుగునాట పల్లె పల్లెనా వినిపించే ‘వీబీఎస్’ ఆ వారసత్వమే.

మన సండేస్కూళ్లలోనూ పాఠం చెప్పేది చాలాచోట్ల ఇంటర్, డిగ్రీ చదివే అమ్మాయిలు, అబ్బాయిలే. యాక్షన్ సాంగ్ నేర్పడం, కంఠత వాక్యం అప్పజెప్పించుకోవడం, ఫ్లాష్‌కార్డులతో కథ చెప్పడం వాళ్లు ఉత్సాహంగా చేస్తారు. కానీ ఐదేళ్ల పాపకూ పన్నెండేళ్ల పిల్లాడికీ ఒకే కథను వేర్వేరుగా ఎలా చెప్పాలి? చావు గురించి, పాపం గురించి పిల్లలు అడిగితే భయపెట్టకుండా ఏం చెప్పాలి? అల్లరి చేసే పిల్లాణ్ని కొట్టకుండా, కించపరచకుండా ఎలా దారిలో పెట్టాలి? ఇవి వాటంతట అవి రావు, నేర్పాలి. పసిమనసులో దేవుడి రూపం పడేది ఈ టీచరు మాటతోనే గనుక, ఆ మాటకు సాధన అవసరం.

గుడి కట్టడానికీ, మైకుసెట్లు కొనడానికీ మన సంఘాలు చందాలు వేసుకుంటున్నాయి. టీచర్ల శిక్షణకూ ఏటా కొంత సొమ్ము, కొన్ని రోజులు కేటాయించాలి. సంఘ పెద్దలారా, వచ్చే వేసవిలో వీబీఎస్ పందిరి వేయకముందే టీచర్ల శిక్షణకు తేదీలు ఖరారు చేయండి.