అప్పజెప్పడం వేరు, తూచుకోవడం వేరు

పోయిన వేసవిలో విజయవాడ వెళ్లేసరికి మా పిన్ని కూతురు మేడ మీద గదిలో తలుపేసుకుని ఉంది. ఎంబీబీఎస్ అయిపోయింది. అమెరికాలో డాక్టరీ చెయ్యాలంటే రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈలో మొదటి మెట్టు, స్టెప్ 1, ఇంకో పన్నెండు రోజుల్లో ఉంది. హైదరాబాదులో సెంటరు. ఆ రోజు పొద్దున్నుంచీ కంప్యూటర్ ముందు కూర్చుని 200 ప్రశ్నల నమూనా పరీక్ష రాసి, మధ్యాహ్నం ఎప్పుడో కిందికి దిగింది.

“ఎంతొచ్చిందే?” అంది పిన్ని.

“డెబ్భై ఒకటి.”

“అంటే పాసేగా?”

“పాసవుతానంటోంది.”

పాసవుతాననే మనిషి మొహం అలా ఉండదు. రాత్రి డాబా మీద అసలు సంగతి చెప్పింది. “అన్నయ్యా, అందులో ఓ పాతిక ప్రశ్నలు నాకు ముందే తెలుసు. మా గ్రూపులో ఎవరో పెడితే అందరం చర్చించుకున్నవే. మరి ఆ డెబ్భై ఒకటి నాదేనంటావా?”

నేను డాక్టర్ని కాను. ఆ ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. కానీ అది నన్ను వదల్లేదు. ఒక అంకె చూసి “నేను సిద్ధం” అని ఒక మనిషి ఎలా అనుకోగలుగుతుంది? అలాంటి అంకె అసలు ఎప్పుడు పుట్టింది? వెతుక్కుంటూ పోతే వందేళ్లకు పైబడిన కథ దొరికింది.

కథకి ముందు, ఇందులో పోయేదేమిటో చెప్పాలి. స్టెప్ 1 ఫీజు విదేశాల్లో చదివినవాళ్లకి వెయ్యి డాలర్ల పైమాటే. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. కానీ ఒకసారి తప్పితే ఆ తప్పడం రికార్డులో ఉండిపోతుంది, రెసిడెన్సీ సీటు ఇచ్చే ప్రతి ఆసుపత్రికీ కనిపిస్తుంది. ఒక్కో మెట్టుకి ఒకప్పుడు ఆరు ప్రయత్నాల దాకా ఉండేవి, 2021లో నాలుగుకి కుదించారు. పాసైతే మార్కులు పెంచుకుందామని మళ్లీ రాయడానికీ లేదు. అంచేత “సిద్ధమేనా?” అన్నది పిన్ని కుతూహలం కొద్దీ అడిగే ప్రశ్న కాదు. అప్పు, వీసా, ఒక ఏడాది బతుకు దాని మీద ఆధారపడి ఉంటాయి.

ఇక కథ. 1910లో ఫ్లెక్స్‌నర్ నివేదిక అమెరికా వైద్య కళాశాలల బండారం బయటపెట్టింది. లాబ్ లేని కాలేజీలు, రోగి మొహం చూడకుండానే పట్టా పుచ్చుకున్న డాక్టర్లు. పైగా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన పరీక్ష తాను పెట్టుకునేది. ఒకచోట లైసెన్సు ఉన్నవాడు ఇంకోచోట పనికిరాడు. దేశమంతా ఒప్పుకునే పరీక్ష ఒకటి ఉండాలని ఫిలడెల్ఫియా సర్జన్ విలియం రాడ్‌మన్ పట్టుబట్టాడు. అలా 1915లో నేషనల్ బోర్డ్ ఆఫ్ మెడికల్ ఎగ్జామినర్స్, అంటే ఇవాళ్టి ఎన్‌బీఎంఈ, పుట్టింది. మొదటి పరీక్ష చూడకుండానే రాడ్‌మన్ పోయాడు.

ఆ మొదటి పరీక్ష 1916 అక్టోబరులో వాషింగ్టన్‌లో జరిగింది. దాదాపు వారం రోజులు. వ్యాసాలు రాయాలి, లాబ్‌లో పని చేసి చూపించాలి, పెద్ద డాక్టర్ల ముందు నిలబడి జవాబులు చెప్పాలి, మంచం పక్కన నిలబడి రోగిని పరీక్షించాలి. రాసినవాళ్లు పదిమంది. గట్టెక్కింది అయిదుగురు.

ఆ పదిమందిలో ఎవరైనా బయల్దేరే ముందు “నేను సిద్ధమేనా?” అని తూచుకోగలిగి ఉండేవారా? ఏ రోగి వస్తాడో తెలీదు. ఏ ఎగ్జామినరు పడతాడో తెలీదు. ఆయన పొద్దున్న టిఫిను సరిగ్గా చేశాడో లేదో తెలీదు. చదువుకోవచ్చు, సాధన చెయ్యొచ్చు, గురువు చేత ప్రశ్నలు అడిగించుకోవచ్చు. కానీ “నీకు ఇంత అవకాశం ఉంది” అని చెప్పే అంకె మాత్రం ఆ కాలంలో ఉండటానికి వీల్లేదు. ఏ తూకానికైనా రాళ్లు స్థిరంగా ఉండాలి. అక్కడ రాళ్లే మనిషి మనిషికీ మారిపోతున్నాయి.

ఆ రాళ్లని స్థిరం చేసే పని 1950ల్లో మొదలైంది. జాన్ హబ్బర్డ్ అనే ఆయన బోర్డు పగ్గాలు పట్టాక, వ్యాసాల పక్కన మల్టిపుల్ చాయిస్ ప్రశ్నలు, మనవాళ్ల భాషలో బిట్లు, పెట్టి పోల్చి చూశారు. వ్యాసానికి మార్కు దిద్దేవాడిని బట్టి మారేది. బిట్టుకి మారదు. కొన్నేళ్లలోనే వ్యాసాలు వెళ్లిపోయాయి. తర్వాత మంచం పక్కన పెట్టే పరీక్ష వంతు వచ్చింది. ఒకే అభ్యర్థిని చూసిన ఇద్దరు ఎగ్జామినర్ల మార్కులకి పెద్దగా పొంతన ఉండటం లేదని లెక్కల్లో తేలింది. 1960ల్లో దాన్నీ ఎత్తేశారు.

ఇక్కడ ఒక పేచీ ఉంది. రోగి పక్కన నిలబడి, ఊపిరి విని, చెయ్యి పట్టుకుని మాట్లాడటం డాక్టరీకి ప్రాణం. దాన్ని తూచలేకపోతున్నాం కాబట్టి పరీక్షలోంచి తీసేశారు. చాలాకాలం తర్వాత, 2004లో, రోగులుగా నటించేవాళ్లని పెట్టి స్టెప్ 2 సీఎస్ పేరుతో తిరిగి తెచ్చారు. కోవిడ్‌లో ఆగి, 2021లో అది కూడా పూర్తిగా పోయింది. అంటే ఈ పరీక్ష కథలో న్యాయం పెరిగింది, దాంతోపాటు ఏదో తగ్గింది కూడా. నమూనా పరీక్షలో వచ్చే అంకె ఆ మిగిలిన భాగం గురించే మాట్లాడుతుంది. మా చెల్లెలు మంచి డాక్టరవుతుందా అని దాన్ని అడిగి లాభం లేదు. ఆ ఎనిమిది గంటల పరీక్ష దాటుతుందా అని మాత్రమే అడగాలి.

ఇందులోకి మనవాళ్లు ఎప్పుడొచ్చారు? విదేశీ డాక్టర్ల కోసం అమెరికాలో 1956లో ఈసీఎఫ్‌ఎంజీ ఏర్పడింది, 1958లో మొదటి పరీక్ష పెట్టింది. 1965లో అక్కడి వలస చట్టం మారింది, అదే ఏడు మెడికేర్ వచ్చింది, ఆసుపత్రులకి డాక్టర్లు కావాల్సి వచ్చారు. ఆంధ్రా మెడికల్ కాలేజీ, గుంటూరు, ఉస్మానియా, కాకతీయ... బ్యాచిలు బ్యాచిలుగా బయల్దేరారు. డాక్టర్లంతా వెళ్లిపోతున్నారని కొన్నేళ్లపాటు మన ప్రభుత్వం ఆ పరీక్షని దేశంలో పెట్టనివ్వలేదు. దాంతో అప్పుచేసి పొరుగు దేశాలకి పోయి రాసొచ్చారు. ఆ తరంవాళ్లకి తూకం అంటే ముందు వెళ్లిన సీనియర్ రాసిన ఉత్తరం, చేతులు మారిన నోట్సు, హాస్టల్ గదిలో ఒకరినొకరు అడుగుకున్న ప్రశ్నలు. “ఫలానావాడు పాసయ్యాడు, వాడికంటే నేనేం తక్కువ” అన్నదే వాళ్ల ప్రిడిక్టెడ్ స్కోరు.

1992లో పాత పరీక్షలన్నీ కలిపి యూఎస్‌ఎంఎల్‌ఈ చేశారు. అమెరికాలో చదివినవాడికీ, మన దగ్గర చదివినవాడికీ ఒకటే పేపరు. 1999లో అది కంప్యూటర్‌లోకి వచ్చింది. ఒక రోజు పేపరు కష్టమైనా, ఇంకో రోజు తేలికైనా స్కోరుకి ఒకే విలువ ఉండేలా లెక్క సరిచేసే పద్ధతి అప్పటికే గట్టిపడింది. రాళ్లు స్థిరపడ్డాయి. నమూనా పరీక్ష జోస్యం చెప్పగలిగే పరిస్థితి అప్పుడు వచ్చింది. పరీక్ష తయారుచేసే ఎన్‌బీఎంఈయే సెల్ఫ్ అసెస్‌మెంట్లు అమ్మడం మొదలుపెట్టింది. 120 ప్రశ్నల ఉచిత నమూనా కూడా ఉంది.

రెండో రకం సాధన కూడా ఆ రోజుల్లోనే పుట్టింది, అందులో మనవాళ్ల చెయ్యి ఉంది. గుంటూరు జిల్లా బుర్రిపాలెంలో పుట్టి, ఉస్మానియాలో ఎంబీబీఎస్ చదివిన పెమ్మసాని చంద్రశేఖర్ అమెరికాలో 2003లో యూవరల్డ్ అనే క్వశ్చన్ బ్యాంకు పెట్టాడు. ప్రశ్న కంటే వివరణ పొడుగు. నాలుగు తప్పు జవాబులు ఎందుకు తప్పో కూడా చెప్పడం దాని బలం. ఇవాళ అది లేకుండా స్టెప్ 1కి చదివేవాళ్లు అరుదు. ఆయన 2024లో గుంటూరు ఎంపీ అయ్యాడు, కేంద్రంలో సహాయ మంత్రి అయ్యాడు. ఎన్నికల అఫిడవిట్‌లో కుటుంబ ఆస్తి 5,700 కోట్ల పైన చూపించడంతో దేశమంతా ఆ పేరు విన్నది. సాధన ఎంత పెద్ద పరిశ్రమ అయిందో చెప్పడానికి ఇది చాలు.

ఈ రెండు రకాలకీ తేడా తెలియకపోవడమే మా చెల్లెలి లాంటివాళ్ల చిక్కంతా. మన వీధిబళ్లలో అప్పజెప్పడం అని ఒకటుండేది. నిన్నటి పాఠం పంతులు ముందు నోటికి చెప్పాలి. తప్పితే దిద్దుతాడు, మళ్లీ చెప్పాలి. అది చదువులో భాగం. 1917లో ఆర్థర్ గేట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు పిల్లల మీద ప్రయోగాలు చేసి చెప్పింది కూడా దాదాపు అదే: చదివిందే చదవడం కంటే, కొంత సమయం పుస్తకం మూసి చెప్పుకోవడానికి వాడితే ఎక్కువ గుర్తుంటుంది. 2006లో రోడిగర్, కార్పికే మళ్లీ నిరూపించారు. క్వశ్చన్ బ్యాంకు అప్పజెప్పించుకునే పంతులు. అక్కడ తప్పులు రావాలి. ఒకే ప్రశ్న రెండుసార్లు చేసినా నష్టం లేదు, లాభమే.

సెల్ఫ్ అసెస్‌మెంటు తక్కెడ. అక్కడ ఒకే ప్రశ్న రెండోసారి చేస్తే తూకం చెడుతుంది. రెండోసారి క్వశ్చన్ బ్యాంకు తిప్పి 85 శాతం వచ్చిందని మురిసిపోయినవాళ్లు తూచుకున్నది జ్ఞాపకాన్ని. అలాగే ఫోను పక్కన పెట్టుకుని, మధ్యలో భోంచేసి, రెండు రోజులకి ముక్కలుగా రాసిన నమూనా కూడా తూకం కాదు.

తక్కెడ సరిగ్గా ఉన్నా అది ఇచ్చేది హామీ కాదు. వారంలోగా రాస్తే పాసయ్యే అవకాశం ఇంత అని మాత్రమే రిపోర్టు చెబుతుంది. నూటికి తొంభై అంటే, అదే అంకె వచ్చిన పదిమందిలో ఒకరు తప్పుతారని. ఆ ఒకరెవరో అంకెకి తెలీదు. అందుకే తెలిసినవాళ్లు ఒక్క పరీక్షని నమ్మరు. కొన్ని రోజుల ఎడంతో రెండు మూడు కొత్తవి రాసి, అన్నీ గీతకి పైనే ఉంటే కదులుతారు.

2022 జనవరిలో స్టెప్ 1కి మార్కులు తీసేసి పాస్, ఫెయిల్ మాత్రమే ఉంచారు. అప్పటిదాకా ఆ మూడంకెల స్కోరు కోసం కుర్రాళ్లు నలిగిపోయేవారు, సగటు 230 దాటింది. ఇక ఊపిరి పీల్చుకోవచ్చు అనుకున్నారు. అదే రోజు పాస్ గీత 194 నుంచి 196కి పెరిగింది. ఆ ఏడాది అమెరికా, కెనడాల బయట చదివి మొదటిసారి రాసినవాళ్లలో పాసైనవాళ్లు 82 శాతం నుంచి 74కి పడిపోయారు. 240 కోసం పరిగెత్తినవాడు జారినా 220 దగ్గర ఆగేవాడు. గీత దాటితే చాలనుకున్నవాడు జారితే పడేది గీత కిందే. దాంతో నమూనా పరీక్షకి విలువ ఇంకా పెరిగింది, దాన్ని మోసం చెయ్యాలనే ఆశ కూడా.

2024 జనవరి చివర్లో యూఎస్‌ఎంఎల్‌ఈ నిర్వాహకులు నేపాల్‌తో సంబంధమున్న కొందరి స్కోర్లు చెల్లవన్నారు. జవాబుల తీరులో మామూలుగా సాధ్యంకాని పోలికలు కనిపించాయన్నారు. మళ్లీ రాసి నిరూపించుకోమన్నారు. 800 మందికి పైగా ఇరుక్కున్నారు, వ్యవహారం కోర్టు దాకా వెళ్లింది. వాళ్లలో ఎవరు తప్పు చేశారో, ఎవరు ఊరికే నలిగిపోయారో బయటివాళ్లం తేల్చలేం. కానీ ఆ దెబ్బకి అర్థమైందొకటి: ప్రశ్న ముందే తెలిస్తే అంకె అబద్ధమవుతుంది, ఆ అబద్ధం కింద నిజంగా చదివినవాడి అంకె కూడా నలుగుతుంది.

ఇదంతా విజయవాడలో డాబా మీద చెప్పలేదు, అప్పటికి నాకూ తెలీదు. చెల్లెలే తేల్చుకుంది. పరీక్ష తేదీ మూడు వారాలు వెనక్కి జరుపుకుంది. గ్రూపులోంచి బయటికొచ్చింది. ఎప్పుడూ చూడని నమూనా ఒకటి కొని, పొద్దున్నే ఫోను పిన్నికిచ్చి, తలుపేసుకుని, గంట చొప్పున రాసింది. మధ్యాహ్నం నాకు ఫోన్ చేసింది. ఇవతల నాకు వెనక నుంచి పిన్ని గొంతు కూడా వినిపిస్తోంది.

“అరవై ఎనిమిది, అన్నయ్యా.”

“అయ్యో, తగ్గిందేమే? డెబ్భై ఒకటి కదా మొన్న!” అంటోంది పిన్ని.

“తగ్గలేదమ్మా,” అంది అది. “ఇది నాది.”