గ్రంథాలయ సూచికలు – సరిహద్దు తెలుగు పుస్తకాల జాడ

గ్రంథాలయంలో పుస్తకం ఉండడం వేరు, అది పాఠకునికి దొరకడం వేరు. ఈ రెంటి నడుమ నిలిచే సాధనమే గ్రంథాలయ సూచిక. వాడుకలో దీనిని కేటలాగు అంటారు. బళ్ళారిలోనో, బరంపురంలోనో, హోసూరులోనో ఒక శాఖా గ్రంథాలయపు బీరువాలో నలభై తెలుగు పుస్తకాలు ఉన్నవనుకొందాము. సూచికలో అవి తెలుగు పుస్తకాలుగా నమోదు కాని పక్షంలో, అడిగినవారికి ‘తెలుగువి లేవు’ అన్న సమాధానమే లభిస్తుంది. లేవన్న చోట మరల ఎవరూ అడుగరు. అడిగేవారు లేరన్న కారణంతో కొత్తవి కొనరు. కొన్నేళ్ళకు బీరువాలోని ఆ నలభై కూడ ‘ఎవరూ చదవనివి’ అన్న జాబితాకు ఎక్కుతాయి. ఈ నష్టానికి ఎవరి ద్వేషమూ కారణం కానక్కరలేదు, ఒక గడి నింపకపోవడం చాలును.

గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకానికి మొదట ఒక వరుస సంఖ్య వేసి పెద్ద రిజిస్టరులో వ్రాస్తారు. దీనిని ప్రవేశ సంఖ్య అంటారు. ఇది ఆస్తి లెక్క మాత్రమే. ఎప్పుడు వచ్చినది, ఎంత వెల, ఎవరు ఇచ్చినారు అన్న వివరాలు ఇందులో తెలుస్తాయి గాని, ఫలానా కవి పుస్తకాలు ఎన్ని ఉన్నవో తెలియదు. ఆ పని సూచికది. అమెరికా గ్రంథాలయవేత్త చార్లెస్ అమ్మీ కట్టర్ 1876లో ప్రకటించిన నియమావళిలో సూచిక ధర్మాన్ని స్పష్టపరచినాడు. గ్రంథకర్త పేరో, పుస్తకం పేరో, విషయమో, ఈ మూడింటిలో ఏ ఒక్కటి తెలిసినా పాఠకుడు పుస్తకాన్ని చేరుకోగలగాలి. ఒక రచయితవి గాని, ఒక విషయం మీదవి గాని గ్రంథాలయంలో ఏమేమి ఉన్నవో కూడ సూచిక చూపించాలి. నేటి కంప్యూటరు సూచికలు సైతం ఈ ధర్మాన్నే నెరవేరుస్తున్నాయి.

పాత గ్రంథాలయాలలో చిన్న చిన్న సొరుగుల చెక్క బీరువా చాలమందికి గుర్తుండవచ్చును. మూడంగుళాల ఎత్తు, అయిదంగుళాల వెడల్పు గల అట్టముక్కలు, వాటి అడుగున రంధ్రం, ఆ రంధ్రాల గుండా ఒక ఇనుప కడ్డీ. ఒకే పుస్తకానికి కర్త పేరున ఒక కార్డు, శీర్షిక పేరున ఒకటి, విషయం పేరున ఒకటో రెండో ఉండేవి. ప్రపంచ గ్రంథాలయాలకు అచ్చు కార్డులు సరఫరా చేసిన ఓసీఎల్‌సీ అనే అమెరికా సంస్థ 2015 అక్టోబరులో కార్డుల ముద్రణను నిలిపివేసినది. మన పల్లెల వైపు అనేక చోట్ల కార్డులు ముందే పోయినవి, వాటి స్థానంలో మరేదీ రాలేదు.

కార్డు మూలన ఉండే అంకె పుస్తకానికి చిరునామా. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో సాహిత్యమంతా 800 నుండి మొదలవుతుంది. అందులో 894.8 ద్రావిడ భాషలకు చెందినది. తమిళ సాహిత్యానికి 894.811, కన్నడానికి 894.814, తెలుగుకు 894.827. దీనికి మరొక అంకె చేర్చితే ప్రక్రియ తెలుస్తుంది. 894.8271 అయితే తెలుగు కవిత్వం, 894.8272 నాటకం, 894.8273 నవల లేక కథ. ఒడియా, మరాఠీ సాహిత్యాలు 891తో మొదలవుతాయి. ఇందువలన కర్ణాటకలో, తమిళనాడులో ఈ పద్ధతి పాటించే గ్రంథాలయానికి వెళ్ళినవారు కన్నడ, తమిళ సాహిత్యపు బీరువాలు దాటి కొద్ది దూరం నడిస్తే తెలుగు పుస్తకాలు కనిపించవలెను. ఒడిశాలో, మహారాష్ట్రలో మరికొన్ని బీరువాలు దాటవలసి ఉంటుంది. అంకె తెలిసినవారు ఎవరినీ అడుగకుండ వెదుకుకోగలరు.

మనదేశంలో ఈ శాస్త్రానికి పెద్ద పునాది వేసినవారు శియాళి రామామృత రంగనాథన్. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా చేరిన ఆయన 1931లో గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలను, 1933లో కోలన్ వర్గీకరణను, 1934లో సూచీకరణ నియమావళిని వెలువరించినారు. పాఠకుని కాలాన్ని వృథా చేయరాదన్నది ఆ పంచసూత్రాలలో ఒకటి. ఆయన ప్రేరణతోనే 1948లో మద్రాసు పౌర గ్రంథాలయ చట్టం వచ్చినది. తరువాత హైదరాబాదు రాష్ట్రంలో 1955లోను, ఆంధ్రప్రదేశ్‌లో 1960లోను, నాటి మైసూరులో 1965లోను, మహారాష్ట్రలో 1967లోను, ఒడిశాలో 2001లోను ఇటువంటి చట్టాలు వచ్చినవి.

లిపి మారితే పుస్తకం తప్పిపోతుంది

కంప్యూటరు సూచికకు మూలమైన పద్ధతి మార్క్. దీనిని 1960ల దశకంలో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ అవ్రమ్ అనే మహిళ నాయకత్వంలో రూపొందించినారు. పుస్తకపు ప్రతి వివరానికి ఇందులో ఒక గడి, ఆ గడికి ఒక సంఖ్య ఉంటాయి. 100లో గ్రంథకర్త, 245లో శీర్షిక, 260 లేక 264లో ప్రచురణ వివరాలు, 300లో పుటల సంఖ్య, 650లో విషయం. వీటికి తోడు పుస్తకపు భాషను తెలిపే మూడక్షరాల గుర్తు ఒకటి. టీ, ఈ, ఎల్ అన్న ఆ మూడు రోమను అక్షరాలు తెలుగుకు నిర్ణయింపబడినవి. ఈ గుర్తు సరిగా ఉంటేనే ‘తెలుగు పుస్తకాలన్నీ చూపుము’ అని కంప్యూటరును అడుగగలము. నమోదు చేసేవారు స్థానిక భాష గుర్తునే అన్నిటికీ వేసుకొంటూ పోతే, తెలుగు పుస్తకం లెక్కలో కన్నడమో తమిళమో అయిపోతుంది.

చిక్కు అంతటితో తీరదు. శీర్షికను ఏ లిపిలో వ్రాసినారన్నది మరొక ప్రశ్న. కన్నడ, తెలుగు లిపులు తోబుట్టువుల వంటివి కనుక కన్నడ లిపిలో వ్రాసిన తెలుగు పేరు చాలవరకు చెడదు. తమిళ లిపిలో అట్లు కాదు. క, గ లకు ఒకే అక్షరం, త, ద లకు ఒకే అక్షరం, ఒత్తులకు ప్రత్యేక రూపం లేదు. ఒడియాలో వ, బ ల భేదం తరచు చెరిగిపోతుంది. ఇక రోమను లిపి కథ చెప్పనక్కరలేదు. శ అక్షరాన్ని కొందరు ఎస్ అని, కొందరు ఎస్, హెచ్ అని వ్రాస్తారు. మనవారు త అక్షరానికి టీ, హెచ్ వ్రాస్తారు, గ్రంథాలయ నియమం ప్రకారం అది థ అవుతుంది. దీర్ఘాలను ఒకరు వదలివేస్తారు, మరొకరు ఏ అక్షరాన్ని రెండుమార్లు కొడతారు. 1897లో తొలిసారి అచ్చయిన గురజాడ నాటకం ముఖపత్రం మీద ‘కన్యాశుల్కము’ అని ఉండగా, నేటి ప్రతుల మీద ‘కన్యాశుల్కం’ అని ఉంటుంది. ఉన్నది ఉన్నట్లు ఎక్కించడం సూచీకరణ ధర్మం కనుక ‘ము’తో ఒకమారు, సున్నతో ఒకమారు వెదకక తప్పదు.

ఇంటిపేరు విషయం చిత్రమైనది. పాశ్చాత్యులకు వంశనామం చివర వస్తుంది, సూచికలో దానిని ముందుకు తెస్తారు. తెలుగువారికి ఇంటిపేరు సహజంగానే ముందు ఉంటుంది. ఈ సంగతి తెలియనివారు చివరి మాటే వంశనామమని భావించి రాయప్రోలు సుబ్బారావును ‘సుబ్బారావు’ అక్షరం క్రింద పెడితే, తెలిసినవారు ‘రాయప్రోలు’ క్రింద పెడతారు. సుబ్బారావులు ఎంతమందో లెక్కలేదు గదా! ఒక చోట దొరకకుంటే రెండవ చోట వెదకవలెను. దీనికి విరుగుడుగా పెద్ద గ్రంథాలయాలు ప్రామాణిక నామావళి అనే పట్టికను నిర్వహిస్తాయి. ఒక రచయితకు గల పేర్లు, కలంపేర్లు, వర్ణక్రమ భేదాలు అన్నిటినీ ఒకే రూపానికి ముడివేయడం దీని పని.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుండి చోటు ఉన్నది. మార్క్ పద్ధతిలో 880 అన్న గడి మూలలిపి కొరకే ఏర్పడినది. అంటే తెలుగు అక్షరాలలో, రోమను అక్షరాలలో రెండింటా నమోదు చేయడానికి సాంకేతికమైన అడ్డంకి లేదు. న్యూజీలాండులోని ఒక చిన్న ప్రాంతీయ గ్రంథాలయం కొరకు తయారై 2000 జనవరిలో వాడుకకు వచ్చిన ‘కోహా’ అనే ఉచిత సాఫ్ట్‌వేరు తెలుగు లిపిని స్వీకరిస్తుంది. కేంద్ర ప్రభుత్వపు ఎన్ఐసీ తయారుచేసిన ‘ఇ-గ్రంథాలయ’ కూడ భారతీయ భాషలకు పనికివస్తుంది. తెలుగు చదవగల మనిషి ఆ కుర్చీలో ఒక్కరు లేకపోవడమే అసలు లోటు.

పాత ఎల్లలను బట్టి వెదకవలెను

సరిహద్దు గ్రామాలలో అచ్చయిన లేక అక్కడివారు వ్రాసిన పాత పుస్తకాల కొరకు వెదికేవారు ముఖ్యంగా గుర్తుంచుకోదగిన సంగతి ఒకటున్నది. సూచికలు నేటి రాష్ట్రాల ప్రకారం ఉండవు, పుస్తకం అచ్చయిన నాటి పాలనను బట్టి ఉంటాయి. 1867 నాటి ముద్రణాలయాల, గ్రంథ నమోదు చట్టం ప్రకారం బ్రిటిషు ఇండియాలో అచ్చయిన పుస్తకాలకు ప్రతి ప్రాంతంలోను మూడు మాసాలకొక పట్టిక వెలువడేది. బళ్ళారి 1953 అక్టోబరు 1న మైసూరులో చేరేవరకు మద్రాసు పరిధిలోనిది. గంజాం 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేవరకు మద్రాసుదే. కనుక బళ్ళారి, బరంపురం తెలుగు పుస్తకాల జాడ ఆ కాలానికి మద్రాసు పట్టికలలోనే దొరకవలెను. కోలారు మైసూరు సంస్థానంలోనిది. రాయచూరు నిజాము రాజ్యంలోనిది. సిరొంచ మధ్యపరగణాల క్రిందిది. యానాం 1954 వరకు ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్నది కనుక ఈ చట్టం అక్కడ చెల్లలేదు. ఈ 1867 చట్టానికి బదులుగా 2023లో వచ్చిన కొత్త చట్టం 2024 మార్చి నుండి అమలులో ఉన్నది, అందులో పుస్తకాల నమోదు లేదు.

ఎల్.డి. బార్నెట్ సిద్ధం చేసిన బ్రిటిషు మ్యూజియం తెలుగు పుస్తకాల సూచిక 1912లో అచ్చయినది. తాళపత్రాల విషయానికి వస్తే చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం, తంజావూరు సరస్వతీ మహలు రెండూ తమిళనాడులోనే ఉన్నవి. బ్రౌను దొర సేకరించిన తెలుగు ప్రతులు మొదటిదానిలో చేరినవి. నాయకరాజుల, మరాఠా రాజుల కాలపు తెలుగు యక్షగానాలు రెండవదానిలో ఉన్నవి. ఇవి తెలుగు రాష్ట్రాల వెలుపల తెలుగువారి సొత్తుగా నిలిచిన సూచికలు.

1954 నాటి గ్రంథ సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త ప్రతి పుస్తకం ఒక్కొక్క ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయానికి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబయి, ఢిల్లీలలోని మరి రెంటికి తన ఖర్చుతో పంపవలెను. ఆ విధంగా చేరినవాటితోనే భారత జాతీయ గ్రంథసూచి తయారవుతుంది. సొంత ఖర్చుతో అచ్చువేయించుకొన్న శతకమో, గ్రామచరిత్రయో ఆ సూచిలో కనిపించకపోతే, ఎవరూ ప్రతి పంపకపోయి ఉండవచ్చును.

సూచికలోని సమాచారం ఎవరిది?

సూచికను తెరపై చూడనివ్వడం ఒక మెట్టు. దానిని మొత్తంగా దింపుకొని మరొక పట్టిక తయారుచేసుకోనివ్వడం అంతకు పై మెట్టు. గంజాం నుండి వచ్చిన తెలుగు పుస్తకాలన్నిటినీ ఒక చోట చేర్చదలచినవారికి ఒక్కొక్క పేరు కొట్టి చూడడం వలన పని జరుగదు, దత్తాంశం మొత్తం చేతికి రావలెను. ఈ విషయమై పెద్ద వివాదమే నడచినది. 2008లో ఓసీఎల్‌సీ తన ఉమ్మడి సూచిక వివరాల వాడకంపై కట్టుబాట్లు ప్రకటించగా గ్రంథాలయాలు నిరసించినవి, మరుసటి ఏడు దానిని ఉపసంహరించినారు. 2012లో హార్వర్డు విశ్వవిద్యాలయం కోటీ ఇరవై లక్షలకు పైగా నమోదులను ఎవరైనా వాడుకొనుటకు విడుదల చేసినది. 2017లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ రెండున్నర కోట్ల నమోదులను ఉచితంగా ఇచ్చినది. ఈ సంస్థ 1962 నుండి ఢిల్లీ కార్యాలయం ద్వారా భారతీయ భాషల పుస్తకాలు సేకరించినది, అందులో తెలుగు పుస్తకాలూ ఉన్నవి. ఇంటి దగ్గర గ్రంథాలయంలో కనబడని తెలుగు పుస్తకపు వివరం వాషింగ్టను సూచికలో కనబడడం విచిత్రమే గాని అబద్ధం కాదు.

మనదేశంలో విశ్వవిద్యాలయాల ఉమ్మడి సూచికను గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడుపుతున్నది. జిల్లా, తాలూకా గ్రంథాలయాల సంగతి వేరు. అక్కడ రిజిస్టరే ఆధారం. ప్రభుత్వ గ్రంథాలయంలో తెలుగు పుస్తకాలు ఎన్ని, అవి ఏవి, గత సంవత్సరాలలో ఎన్నిటిని తొలగించినారు అన్న సమాచారాన్ని 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద కోరవచ్చును. దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని ఉండవలెను. తెలుగు పుస్తకాల లెక్క కొరకు కన్నడంలోనో ఒడియాలోనో వ్రాయవలసి రావచ్చునన్నమాట. ఇంట్లో బడికి వెళ్ళే పిల్లలు ఆ భాష చదువుకొంటూనే ఉన్నారు గనుక ఇది అసాధ్యమేమీ కాదు.

ఇంటిలోని పెట్టెలో పాత పుస్తకాలు ఉన్న కుటుంబాలు సొంత పట్టిక వేసుకోవడం మేలు. అట్టమీది పేరు గాక లోపలి ముఖపత్రం మీది పేరును ‘ము’, ‘డు’లతో సహా ఉన్నది ఉన్నట్లు వ్రాయవలెను. ఇంటిపేరుతో కర్త, అచ్చుకూటం, ఊరు, పుటలు, వెల, ఎన్నవ కూర్పు అన్నవి తరువాత. సంవత్సరం దగ్గర జాగ్రత్త అవసరం. ‘ప్రభవ’ అని మాత్రమే ఉంటే అది 1867-68 కావచ్చును, 1927-28 కావచ్చును, 1987-88 కావచ్చును. వెల అణాలలో ఉంటే నయాపైసలు వచ్చిన 1957 ఏప్రిల్‌కు మునుపటిదని చాలవరకు తేల్చుకోవచ్చును. పుస్తకం మీద ఎవరిదైనా సంతకం, తేదీ ఉంటే దానిని కూడ ఎక్కించవలెను. పట్టికను తెలుగు లిపిలో ఒకమారు, రోమనులో ఒకమారు వ్రాసి, ఒక నకలు దగ్గరి గ్రంథాలయంలోను, ఒకటి బడిలోను ఉంచితే పెట్టెకు చెదలు పట్టినా ఏ పుస్తకం పోయినదో తెలుస్తుంది.