లంకలో ఆరోగ్య పాఠం

"ఊగుద్ది, కూకోండమ్మగారూ" అంటాడు పడవాయన. మీరు కూర్చుంటారు. ఒళ్లో డల్లాస్ నుంచి మోసుకొచ్చిన పోస్టర్ల చుట్ట. పి.గన్నవరం మండలం, బూరుగులంక రేవు. గోదారి పొంగగానే ఇక్కడి తాత్కాలిక గట్టు కొట్టుకుపోతుంది, ఉడిమూడిలంక, జి.పెదపూడిలంక వాళ్లకి ఇక పడవే దిక్కు. ఆగస్టు కదా, నీళ్లు ఎర్రగా సుళ్లు తిరుగుతున్నాయి. మీ పక్కన పిల్లలు మాత్రం చెప్పులు చేత్తో పట్టుకుని కబుర్లాడుకుంటున్నారు.

బళ్లో మొదటి పోస్టరు అంటించి, సబ్బుతో 20 సెకన్లు చేతులు రుద్దుకోవాలని చెబుతారు. ముందు వరసలో పిల్ల లేస్తుంది.

"వరదొస్తే బోరింగే మునిగిపోద్దండి మేడం."

ఏం చెప్పాలో తోచక ఆశా కార్యకర్త వైపు చూస్తారు. ఆమె నవ్వి, "ముందు కాళ్లు చూపించండర్రా" అంటుంది. బురద కాళ్లు బెంచీల కింద నుంచి బయటికొస్తాయి. కొంకి పురుగు పిల్లలు మట్టిలోంచి అరికాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయనీ, పేగుల్లో చేరి నెత్తురు తాగుతాయనీ, అందుకే కొందరికి ఊరికే ఆయాసం వస్తుందనీ చెబుతుంది. ఇలా మట్టి ద్వారా సోకే పురుగులు ప్రపంచంలో దాదాపు 150 కోట్ల మందికి ఉన్నాయి. ఆ అంకె మీకు తెలుసు. ఈ కాళ్లు ఆమెకి తెలుసు.

తర్వాత బోదకాలు. "మా తాతకుందండి" అని నాలుగు చేతులు లేస్తాయి. నెత్తురు పరీక్ష రాత్రిపూటే ఎందుకు చేస్తారో మీరు చెబుతారు: ఆ పురుగు పిల్లలు పగలు లోపల దాక్కుని, క్యూలెక్స్ దోమ కుట్టే వేళకి పై నెత్తురులోకి వస్తాయి. "దానికి టైం తెలుసాండి?" క్లాసంతా నవ్వు. మీ పాఠంలో బాగా పండింది ఇదే, దీనికి పోస్టరు లేదు.

వెనక బెంచీ కుర్రాడికి ఇవేవీ పట్టవు. "రక్తపింజరి కరిస్తే?" కట్టు బిగించకూడదు, కోయకూడదు, మంత్రగాడి దగ్గరికి పోకూడదు, కరిచిన కాలు కదపకుండా ఆసుపత్రికి చేర్చాలి, విరుగుడు ఇంజక్షన్ అక్కడే ఉంటుంది.

"రాత్రి పడవ లేదనుకోండి?"

మీ దగ్గర జవాబు లేదు. ఆశా కార్యకర్త సుద్దముక్క తీసుకుని, పడవాయన ఫోన్ నంబరు బోర్డు మీద రాస్తుంది. "ఎంత రాత్రయినా వస్తాడు. ఇంట్లో గోడ మీద రాయండి." పిల్లలు నోటుపుస్తకాల్లో ఎక్కించుకుంటారు. నన్నడిగితే ఆ రోజు చెప్పిన అసలు ఆరోగ్య పాఠం అదే.

మధ్యాహ్నం అన్నం, గుడ్డు. ఈ భోజన పథకానికి పేరిచ్చిన డొక్కా సీతమ్మగారిది ఈ మండలంలోని లంకల గన్నవరమే. తిన్నాక 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర. మింగనివ్వరు, ఎదురుగా నమిలించి పేరు పక్కన టిక్కు పెడతారు. జ్వరమున్న పిల్లకి ఇవాళ ఇవ్వరు.

అమెరికా నుంచో కువైట్ నుంచో వచ్చి పాఠం చెప్పాలనుకునేవారికి ఒక మనవి. నులిపురుగుల మాత్రల రోజులు ఫిబ్రవరి 10, ఆగస్టు 10. ఆ రోజులకి కుదిరేలా రండి. టికెట్ కొనకముందే హెడ్మాస్టరుకీ ఆశా కార్యకర్తకీ ఫోన్ చేసి, పోస్టర్ల మీద ఏం ఉండాలో వాళ్లనే అడగండి.