పక్షి అందరిదీ, నేల కొందరిదీ



మీ ఊరి చేలలో నెమలి తిరుగుతూ ఉండడం చూసే ఉంటారు. ఆ చేను ఎవరిదని అడిగితే పట్టాదారు పాసుపుస్తకం చూసి చెప్పవచ్చు. ఆ నెమలి ఎవరిదని అడిగితే ఏ పుస్తకమూ చెప్పదు. అది ఇవాళ ఈ చేలో గింజలు ఏరుకుంటుంది, రేపు పక్క చేలోకి పోతుంది, చీకటి పడితే చెరువుగట్టు మీది చింతచెట్టు ఎక్కుతుంది. దాన్ని చంపకూడదని చట్టం అంటుంది. అది తిన్న గింజల నష్టం మాత్రం రైతుదే.

చూడడానికి చిన్న చిక్కు. కాని వన్యప్రాణుల సంరక్షణ చరిత్రలో చాలా భాగం ఈ చిక్కు చుట్టూనే తిరిగింది. పక్షి అందరిదీ, అది బతికే నేల కొందరిదీ అయినప్పుడు వేటగాడికీ భూమి యజమానికీ మధ్య ఒప్పందం ఎలా కుదరాలి? నెమలికి దగ్గరి చుట్టాలైన ఫెజెంట్ పక్షుల కథతో ఈ ప్రశ్నకు జవాబు వెతుకుదాం. ఇందుకోసం రెండు ఊళ్లకు వెళదాం. ఒకటి అమెరికాలోని రైలీ, రెండవది మన నాగాలాండ్‌లోని ఖొనోమా.

ఫెజెంట్లు అంటే ఏ పక్షులు?

కోడి, కౌజు, నెమలి ఒకే కుటుంబానికి చెందినవి. ఈ కుటుంబంలో నేల మీద గింజలు, పురుగులు, చిగుళ్లు ఏరుకు తింటూ బతికే పెద్ద పక్షులను ఫెజెంట్లు అంటారు. వీటిలో మగపక్షికి సాధారణంగా మెరిసే రంగుల ఈకలు ఉంటాయి. ప్రపంచంలో ఉన్న సుమారు 50 జాతుల్లో దాదాపు అన్నీ ఆసియాలో పుట్టినవే. మన ఇంటి కోడికి మూలమైన ఎర్ర అడవికోడి, హిమాలయాల్లోని మోనాల్, ఈశాన్య కొండల్లోని ట్రాగోపాన్ ఈ గుంపులోవే.

ఈ పక్షులకు మూడు కావాలి: మేత, గూడు కట్టుకోవడానికి చోటు, దాక్కోవడానికి పొద. మూడింటిలో ఏది లేకపోయినా పక్షి నిలవదు. ఇవి దూరం ఎగరలేవు. ప్రమాదం వస్తే పొదల్లోకి పరుగెత్తుతాయి, తప్పనిసరైతేనే రెక్కలు విప్పుతాయి. మాంసం రుచిగా ఉంటుంది. వసంతంలో మగపక్షి తెల్లవారుజామున గట్టిగా కూస్తుంది. ఆ కూతే వేటగాడికి దారి చూపిస్తుంది. అందుకే ఫెజెంట్‌కు శత్రువులు ఇద్దరు: ఉచ్చు లేక తుపాకీ ఒకటి, పొదలను నరికే గొడ్డలి మరొకటి. మొదటిది వేటగాడి చేతిలోది. రెండవది భూమి యజమాని చేతిలోది.

వేటగాళ్లే శాస్త్రవేత్తలు

మన దేశంలో ఈ పక్షుల గురించి శాస్త్రీయంగా రాసిన తొలితరం వాళ్లలో చాలామంది తుపాకీ పట్టినవాళ్లే. 1885లో కాంగ్రెస్ స్థాపనలో ముఖ్యపాత్ర వహించిన ఏ.ఓ. హ్యూమ్ మీకు చరిత్ర పాఠాల్లో తెలుసు. అంతకుముందే, 1879-81 మధ్య, సి.హెచ్.టి. మార్షల్‌తో కలిసి ఆయన భారత్, బర్మా, సిలోన్‌ల వేటపక్షుల మీద మూడు సంపుటాలు ప్రచురించారు.

మరొకరు థామస్ జెర్డన్. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీలో సైనిక వైద్యుడు. మన నెల్లూరులో పనిచేసినప్పుడు అక్కడి యానాదుల నుంచి ఎన్నో సంగతులు తెలుసుకున్నారు. నాగా కొండల్లో బతికే బ్లిత్స్ ట్రాగోపాన్‌కు 1870లో శాస్త్రీయ నామం పెట్టింది కూడా ఆయనే. కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియం నిర్వాహకుడిగా ఉన్న ఎడ్వర్డ్ బ్లిత్ పేరు మీద ఆ పేరు పెట్టారు. కడప జిల్లా కలివికోడి ఆంగ్ల నామంలో ఉన్న జెర్డన్ కూడా ఈయనే. కలివికోడి ఫెజెంట్ కాదు గాని, దాని కథలో ఒక సంగతి మనకు పనికి వస్తుంది. 1900 తర్వాత ఎవరికీ కనిపించని ఆ పక్షి 1986లో మళ్లీ దొరికింది. రాత్రిపూట దాన్ని పట్టి చూపించినవాడు ఒక స్థానిక వేటగాడు. పక్షి ఎక్కడుందో అందరికంటే ముందు తెలిసేది వేటగాడికే. ఈ మాట గుర్తు పెట్టుకోండి.

ఇక చట్టాల సంగతి. 1878 అటవీ చట్టంతో ప్రభుత్వం విశాలమైన అడవులను రిజర్వు చేసుకుంది. 1912లో వచ్చిన అడవి పక్షుల, జంతువుల రక్షణ చట్టం ఫెజెంట్లు సహా అనేక వేటపక్షులకు వేట నిషిద్ధ కాలం అనే పద్ధతిని పెట్టింది. ఆలోచన మంచిదే. కాని లైసెన్సు ఉన్న దొర షికారీ అయ్యాడు, ఉచ్చు పన్నిన గిరిజనుడు దొంగ అయ్యాడు. అడవిని ఎరిగినవాడికి ఆ అడవిని కాపాడే పనిలో చోటు లేకుండా పోయింది.

రైలీలో ఒక ఒప్పందం

అమెరికాలో సమస్య మరో రూపంలో ఉండేది. అక్కడ చాలావరకు భూమి రైతులదే. అడవి పక్షి, జంతువు మాత్రం ప్రజలందరివీ అని చట్టం. ఫెజెంట్ ఆ దేశానికి కొత్త పక్షి. షాంఘైలో అమెరికా దౌత్యాధికారిగా ఉన్న ఓవెన్ డెన్నీ 1880ల మొదట్లో చైనా నుంచి పంపిన పక్షులు ఒరెగాన్ రాష్ట్రంలో స్థిరపడ్డాయి. తర్వాత ఈ పక్షి మధ్య అమెరికా గోధుమ, మొక్కజొన్న చేలలోకి వ్యాపించింది.

పట్నం వేటగాడు ఆదివారం నాడు కారులో వచ్చి, అడగకుండా రైతు కంచె దాటి, చేను తొక్కి, పక్షిని కాల్చి పోయేవాడు. రైతుకు మిగిలేది విరిగిన కంచె. అలాంటప్పుడు చేని గట్టున ఉన్న పొదను ఆయన ఎందుకు ఉంచుతాడు? నరికి మరో సాలు దున్నుకుంటాడు. పొద పోతే పక్షి పోతుంది.

1931లో విస్కాన్సిన్ రాష్ట్రంలో మాడిసన్ నగరం దగ్గరి రైలీ అనే పల్లెలో ఆల్డో లియోపోల్డ్ ఒక రైతుతో మాటల్లో పడ్డారు. లియోపోల్డ్ అటవీ శాస్త్రం చదివినవాడు, స్వయంగా వేటగాడు. ఆయనకు వేటాడే చోటు కావాలి. రైతుకు అడగకుండా వచ్చేవాళ్ల బెడద తప్పాలి. ఇద్దరి అవసరాలూ ఒకేచోట కలిశాయి. పల్లెలోని రైతులు, పట్నంలోని కొందరు వేటగాళ్లు కలిసి ఒక సహకార సంఘం పెట్టుకున్నారు. రైతులు నేల ఇచ్చారు. పట్నం వాళ్లు ఖర్చులకు డబ్బు ఇచ్చారు. చలికాలంలో పక్షులకు మేత వేయడం, దాపు కోసం చెట్లు, పొదలు నాటడం కలిసి చేసుకున్నారు. అనుమతి లేనివాళ్లకు ప్రవేశం లేదు. క్రమంగా సుమారు 1,700 ఎకరాలు ఈ ఒప్పందం కిందికి వచ్చాయి. 1933లో లియోపోల్డ్ వేటజంతువుల నిర్వహణ మీద పాఠ్యగ్రంథం ప్రచురించారు. ఆ ఏడాదే విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం ఆయనను ఈ విషయంలోనే ఆచార్యుడిగా నియమించింది.

రైలీలో ఊరు చేసిన పనిని తర్వాత ప్రభుత్వం పెద్ద ఎత్తున చేసింది. 1985 వ్యవసాయ చట్టం ప్రకారం, కోతకు గురయ్యే భూమిని దున్నకుండా పచ్చిక పెంచే రైతుకు ఏటా అద్దె ఇచ్చారు. దక్షిణ డకోటా వంటి రాష్ట్రాల్లో ఫెజెంట్లు మళ్లీ పెరిగాయి. 2007 తర్వాత మొక్కజొన్న ధర ఎక్కి, చాలామంది రైతులు ఆ పచ్చికను మళ్లీ దున్నారు. పక్షులూ తగ్గాయి. డబ్బుతో కట్టిన ఒప్పందం డబ్బు ఉన్నంతవరకే నిలుస్తుందని ఇక్కడ గమనించండి.

ఖొనోమా నిర్ణయం

ఇప్పుడు మన దేశానికి వద్దాం. 1972లో పార్లమెంటు వన్యప్రాణి సంరక్షణ చట్టం చేసింది. బ్లిత్స్ ట్రాగోపాన్‌ను అత్యంత రక్షణ ఉన్న మొదటి షెడ్యూలులో చేర్చారు. కాని నాగాలాండ్‌లో అడవిలో దాదాపు 88 శాతం ప్రభుత్వానిది కాదు. అది గ్రామాలది, వంశాలది, కుటుంబాలది. రాజ్యాంగం 371ఎ అధికరణం ఆ భూమి మీద వారి ఆచార హక్కులను కాపాడుతుంది. అంటే చట్టం ఢిల్లీలో ఉంది, పక్షి ఊరి అడవిలో ఉంది, రెండింటి మధ్య ఫారెస్టు గార్డుకు పెద్దగా చోటు లేదు.

ఖొనోమా కొహిమాకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న అంగామీ నాగాల ఊరు. 1879లో బ్రిటిష్ అధికారి డామెంట్ ఈ ఊరి వాకిట్లోనే హతమయ్యాడు. తర్వాత నెలల తరబడి సాగిన యుద్ధం 1880 మార్చిలో సంధితో ముగిసింది. ఇలాంటి ఊరికి తుపాకీ అంటే కేవలం వేట సాధనం కాదు, పరువు. వేట మగవాడికి గౌరవం తెచ్చేది, చుట్టాలకు పంచుకునే మాంసం ఇచ్చేది. ఇదే ఊరివాళ్లు భూమిని చూసుకోవడంలోనూ పేరున్నవాళ్లు. పొలాల్లో ఆల్డర్ చెట్లు పెంచి, కొమ్మలు మాత్రమే నరికి, నేల సారం పోకుండా పోడు సాగు చేయడం వారికి తరతరాల విద్య.

1993లో ఒక్క వేట సందర్భంలోనే సుమారు 300 ట్రాగోపాన్లు చనిపోయాయని ఆ ఊరి గురించి రాసినవారు చెబుతారు. ఆ సంఖ్య ఊరి పెద్దలను కలవరపెట్టింది. వేటను ఆపాలని కొందరు, తాతల నాటి అలవాటును ఎలా మానతామని కొందరు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. చివరకు 1998 డిసెంబరులో గ్రామసభ సుమారు 20 చదరపు కిలోమీటర్ల అడవిని ట్రాగోపాన్ అభయారణ్యంగా ప్రకటించింది. అంతటితో ఆగలేదు. మొత్తం ఊరి పొలిమేరలో వేటను నిషేధించింది. తప్పు చేసినవాడికి జరిమానా వేసేది ఊరే, అడవిలో కాపలా తిరిగేదీ ఊరి యువకులే.

రైలీలో వేటగాడు వేరు, రైతు వేరు. ఖొనోమాలో ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, చాలాసార్లు ఒకే మనిషి. కాబట్టి ఒప్పందం మనిషికీ అతని అలవాటుకీ మధ్య జరగాల్సి వచ్చింది. అది కష్టం. కాని కుదిరితే నిలుస్తుంది. ఎందుకంటే కాపలా కాసేవాడికి వేటగాడి దారులన్నీ తెలుసు. 2005లో ఖొనోమాను హరిత గ్రామంగా గుర్తించారు. ఇప్పుడు పక్షుల కూత వినడానికి వచ్చే అతిథులకు ఊరివాళ్లు ఇళ్లలో బస ఇస్తున్నారు.

మరో సంగతి. గ్రామాలు తమ భూమిని తామే కాపాడుకునే ‘కమ్యూనిటీ రిజర్వు’ అనే పద్ధతి మన చట్టంలోకి 2002 సవరణతో వచ్చింది. ఖొనోమా నిర్ణయం అంతకు నాలుగేళ్లు ముందే జరిగింది.

దీనికి భిన్నమైన ఉదాహరణ కూడా చూడండి. 1999లో హిమాచల్ ప్రదేశ్‌లోని కులు ప్రాంతంలో గ్రేట్ హిమాలయన్ జాతీయ పార్కును పూర్తిస్థాయిలో ప్రకటించారు. పశ్చిమ ట్రాగోపాన్‌కు అది ముఖ్యమైన నివాసం. 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. అక్కడ అడవి ప్రభుత్వానిది. 1999 ప్రకటనతో గొర్రెలు మేపుకునేవారి, మూలికలు ఏరుకునేవారి హక్కులు ముగిశాయి. పందొమ్మిదో శతాబ్దపు సెటిల్‌మెంట్ రికార్డులో పేరున్న కుటుంబాలకు పరిహారం దొరికింది. అడవినే నమ్ముకున్నా రికార్డులో పేరు లేనివారు చాలామంది మిగిలిపోయారు. పక్షికి చోటు దక్కింది. ఆ చోటుకు వెల చెల్లించినవారిలో కొందరిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

మనం నేర్చుకునేది

రైలీలో డబ్బు, ఖొనోమాలో ఊరి మాట, కులులో ప్రభుత్వ ప్రకటన. మూడు దారులూ పక్షిని కాపాడడానికి వేసినవే. మూడింటినీ ఒకే ప్రశ్నతో తూకం వేయవచ్చు. పక్షికి చోటు వదిలినవాడికి ఏం మిగిలింది? దీనికి జవాబు ఉన్నచోట పొద నిలిచింది, పొద ఉన్నచోట పక్షి నిలిచింది. జవాబు లేనిచోట చట్టం కాగితం మీద ఎంత గట్టిగా ఉన్నా రైతు గొడ్డలినీ వేటగాడి ఉచ్చునూ పగలూ రాత్రీ కాపలా కాయలేదు.

ఇక మన నెమలి దగ్గరకు తిరిగి వద్దాం. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు చేను గల రైతును పలకరించండి. నెమళ్ల వల్ల ఆయనకు ఎంత నష్టం, దాన్ని ఎవరు భరించాలని ఆయన అనుకుంటున్నాడు, అడగండి. ఊళ్లో ఒకప్పుడు వేటాడిన పెద్దవారు ఉంటే ఆయన పక్కన కూర్చుని, ఏ పక్షులు ఎక్కడ ఉండేవో చెప్పమనండి. ఆ రెండు సంభాషణలు రాసుకుంటే మీ ఊరి పర్యావరణ చరిత్రలో మొదటి అధ్యాయం మీ చేతిలో ఉన్నట్టే.

ఆలోచించండి

1. వేటగాడు, భూమి యజమాని వేర్వేరు మనుషులైనప్పుడూ, ఒకరే అయినప్పుడూ సంరక్షణ ఒప్పందంలో వచ్చే తేడా ఏమిటి?

2. 1912 చట్టం పక్షులకు మేలు చేయాలనుకుంది. అడవిని ఎరిగినవారిని దూరం చేయకుండా ఆ చట్టాన్ని ఎలా రాసి ఉండవచ్చు?

3. దక్షిణ డకోటా అనుభవం చూశాక, రైతుకు డబ్బు ఇచ్చి పక్షుల నివాసాన్ని కాపాడే పద్ధతిని మీరు సమర్థిస్తారా? మీ కారణాలు రాయండి.